కార్నర్‌ను పది నిమిషాల్లో ఎంచలేం

సంపాదకులకు నమస్కారం.

కాలేజీల మధ్య కబడ్డీ పోటీలు ముగిశాక యూనివర్సిటీ జట్ల ఎంపికలు, ఆ వెంటే జిల్లా జట్ల ఎంపికలు వస్తాయి. ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎక్కడ చూసినా ఈ ఎంపికల తీరు దాదాపు ఒకటే. ఎత్తు, బరువు రాసుకుంటారు. ఒక పరుగు పెట్టిస్తారు. వచ్చినవాళ్ళను ఏడుగురేసి విడగొట్టి పది నిమిషాలు ఆడిస్తారు. సాయంత్రానికల్లా జాబితా తయారు. కూతకు వెళ్ళే రైడర్ల వరకు ఇది కొంత పనికొస్తుంది. కార్నర్లకు, అంటే పట్టే వరసలో రెండు చివర్లా నిలబడేవాళ్ళకు మాత్రం ఏమాత్రం పనికిరాదు. ఎందుకు పనికిరాదో, దాని బదులు ఏం చేయవచ్చో మీ పాఠకుల్లోని కాలేజీ పీడీలకు (ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్లకు), సెలక్టర్లకు, ఆడే పిల్లల తల్లిదండ్రులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాం.

ముందు లెక్క చూడండి. ఒక కూతకు గరిష్ఠంగా 30 సెకన్లు. పది నిమిషాల ఆటలో ఇరవై, మహా అయితే పాతిక కూతలు నడుస్తాయి. వాటిలో సగమే ఒక జట్టు మీదికొస్తాయి. ఆ పది పన్నెండు కూతల్లోనూ కొన్ని కుడి పక్కకు, కొన్ని ఎడమ పక్కకు పోతాయి. చివరికి ఒక కార్నర్ దగ్గరికి నిజంగా వచ్చేవి ఐదారు. వాటిలో పట్టు వేయదగ్గవి ఒకటో రెండో. ఆ ఒక్కటి దొరికితే కుర్రాడు జట్టులోకి, జారితే ఇంటికి. ఇంకా దారుణం ఏమిటంటే, మొదటి కూతకే టచ్ అయి అవుటైనవాడు తన జట్టుకు పాయింటు వచ్చి లోపలికి పిలిచేదాకా బయటే కూర్చోవాలి. పది నిమిషాల్లో నాలుగైదు నిమిషాలు అలా పోతే అతని ఆట ఎవరూ చూడనట్టే.

కార్నర్ విలువ తెలియని కాలం కాదిది. ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలైంది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొన్న సంగతి మన దగ్గర అందరికీ తెలుసు. అదే వేలంలో ఇరాన్ లెఫ్ట్ కార్నర్ మొహమ్మద్‌రెజా షాద్లూయికి పుణేరి పల్టన్ 2.35 కోట్లు పెట్టింది. ఆ లీగ్ వేలంలో డి కేటగిరీ ఆటగాడి కనీస ధరే 9 లక్షలు. మన పల్లెల నుంచి ఒక కుర్రాడు ఆ మెట్టు దాకా వెళ్ళాలంటే తొలి గడప యూనివర్సిటీ జట్టో, జిల్లా జట్టో. ఆ గడప దగ్గరే తప్పు కొలతతో వెనక్కి పంపితే వాడికి రెండో అవకాశం రావడం కష్టం.

ఇక ఆ కొలతల సంగతి. పురుషుల బరిలో ఒక జట్టు భాగం పక్క పట్టీలైన లాబీలతో కలిపి 10 మీటర్ల వెడల్పు, 6.5 మీటర్ల లోతు. నడిగీత నుంచి, కూతకొచ్చినవాడు దాటి తీరాల్సిన బాక్ లైన్ 3.75 మీటర్లు, అక్కణ్ణుంచి, దాటితే అదనపు పాయింటిచ్చే బోనస్ గీత ఇంకో మీటరు. అంటే బోనస్ గీతకూ వెనక గీతకూ మధ్య మిగిలేది 1.75 మీటర్లే. కార్నర్ ఎక్కువసేపు కాపు కాసేది ఆ పట్టీలోనే. వెనక్కి ఒక అడుగు ఎక్కువ వేస్తే గీత దాటి అవుట్. పోరాటం మొదలుకాకముందే పక్కకు ఒక అడుగు ఎక్కువ వేస్తే లాబీలో పడి అవుట్. ఇలాంటి చోట ఆడేవాడికి వంద మీటర్ల పరుగు పెట్టి ఏం తెలుసుకుంటారు? ఐదు మీటర్లలో ఎంత త్వరగా కదులుతాడు, వంగిన భంగిమ చెదరకుండా పక్కకు మూడడుగులు వేసి మళ్ళీ తన చోటికి రాగలడా, చూడాల్సింది ఇవి. నిటారుగా లేచి మళ్ళీ వంగేవాడు ఎంత వేగంగా పరుగెత్తినా కార్నర్‌లో ఆలస్యమే.

ఈ చిక్కు మన ఆటకే పరిమితం కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అఫెన్సివ్ టాకిల్ అని ఒక స్థానం ఉంది. పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్ మీదికి అంచు నుంచి దూసుకొచ్చేవాణ్ణి అడ్డుకోవడం వాడి పని. మనిషి 135 కిలోలకు పైనే ఉంటాడు. వాళ్ళూ కాలేజీ కుర్రాళ్ళను ఏటా ఇండియానాపొలిస్‌లో ఒకచోట చేర్చి కొలుస్తారు. 40 గజాల పరుగు, 225 పౌండ్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడు, చేయి ఎన్ని అంగుళాలు, ఇలా చాలా. 2018లో ఆర్లాండో బ్రౌన్ జూనియర్ ఆ పరుగుకు 5.85 సెకన్లు తీసుకున్నాడు, బరువు 14 సార్లే ఎత్తాడు. టాకిల్‌కు కూడా అవి నాసి అంకెలే. దాంతో లీగ్ జట్లు కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండుకు, 83వ స్థానానికి జారిపోయాడు. 2019 నుంచి వరసగా నాలుగేళ్ళు లీగ్‌లోని మేటి ఆటగాళ్ళ ప్రో బౌల్‌కు ఎంపికైంది ఆ కుర్రాడే. 2025లో విల్ క్యాంప్‌బెల్ విషయంలో చేయి పొడవు మీద పెద్ద చర్చ నడిచింది. ఇండియానాపొలిస్‌లో 32⅝ అంగుళాలు వచ్చిన చేయి, అతని కాలేజీలో మళ్ళీ కొలిస్తే 33 అంగుళాలు వచ్చింది. చేయి అదే, టేపు పట్టిన మనిషి వేరు. చివరికి అతను నాలుగో స్థానంలోనే ఎంపికయ్యాడు. మన ట్రయల్స్‌లో రెండు చేతులూ చాపించి ఒకే ఒక్కసారి కొలిచి రాసుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. రెండుసార్లు, ఇద్దరు మనుషులు కొలవాలి.

అక్కడ అనుభవం ఉన్న సెలక్టర్లు అంకెలతో ఆగరు. ఒక్కో కుర్రాడివి అనేక మ్యాచ్‌ల వీడియోలు, వందల ఆటలు వరసగా చూస్తారు. అఫెన్సివ్ టాకిల్‌లో వాళ్ళు వెతికే మొదటి లోపం నడుము వంచి ఎదుటివాడి మీదికి ముందుగా పడిపోవడం. పడ్డాక కాళ్ళు వెనకబడతాయి, ఎదుటివాడు పక్కనుంచి జారిపోతాడు. మన కార్నర్‌లో వెతకాల్సిన మొదటి లోపమూ అచ్చంగా ఇదే. దీన్నే, అంటే సమయం రాకముందే పట్టుకు దూకడాన్ని, మనవాళ్ళు అడ్వాన్స్ టాకిల్ అంటారు (కబడ్డీలో టాకిల్ అంటే పట్టు).

యాంకిల్ హోల్డ్‌ను, అంటే చీలమండ పట్టును, దగ్గరగా చూస్తే ఈ మాట అర్థమవుతుంది. కూతకొచ్చినవాడు టో టచ్ కోసం, అంటే కాలి వేళ్ళతో తాకడానికి, కాలు చాపాడనుకోండి. బరువు వెనక కాలి మీద ఉంటుంది, చాపిన పాదం తేలిగ్గా నేలను తాకుతుంది. ఆ పాదం తిరిగి వెనక్కి లేవబోయే ముందు ఒక రెప్పపాటు ఉంది. మంచి కార్నర్ గాలం వేసినవాడు బెండు మునిగేదాకా ఆగినట్టు ఆ రెప్పపాటు కోసం ఆగుతాడు. ఒక అరచేయి మడమ వెనక, రెండోది పాదం పైభాగాన, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా. పాదాన్ని తన ఛాతీ వైపు లాక్కుంటూ భుజంతో మోకాలిని నెడతాడు. తల బయటి పక్కన, గడ్డం పైకి. తల లోపలికి పెడితే రైడర్ మోకాలు మొహానికి తగులుతుంది. చేతులు పిక్క మీద పడితే చెమటకు జారుతుంది. పట్టుకు ముందే మోకాళ్ళు నేలకు ఆనితే లాగే బలం ఉండదు, రైడర్ ఈడ్చుకుంటూ నడిగీత దాకా పోతాడు.

పట్టు పడ్డాక ఇంకో పరీక్ష. బోనస్ గీత దగ్గర పట్టుబడ్డవాడు నడిగీతకు దాదాపు 4.75 మీటర్ల దూరంలో ఉంటాడు. ఒళ్ళంతా సాచి పడితే అందులో సగం దాకా అందుకుంటాడు. కాబట్టి కవర్, అంటే వరసలో లోపలి వైపు నిలబడి సాయానికొచ్చే డిఫెండరు, వచ్చి మీద పడేదాకా ఒకటి రెండు సెకన్లు కార్నర్ ఒక్కడే ఆపాలి. కవర్ రావడం ఆలస్యమైతే తప్పు కార్నర్ ఖాతాలో రాయకూడదు. పది నిమిషాల ట్రయల్ ఆటలో, అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూడని ఏడుగురు కలిసి ఆడినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. పట్టు బాగా వేసిన కుర్రాడు చిట్టాలో విఫలమైనట్టు పడతాడు.

ఇంకొకటి, కళ్ళు. రైడర్ భుజాలు, చేతులు ఎంతైనా మోసం చేస్తాయి. నడుము మోసం చేయడం కష్టం. చేతుల వైపు చూసే కార్నర్ ప్రతి ఫెయింట్‌కూ ఉలిక్కిపడి అడుగు వేస్తాడు. నడుము, పాదాలు చూసేవాడు నిలబడతాడు. ట్రయల్స్‌లో సెలక్టరు బంతాటలో బంతి వెంట చూసినట్టు రైడర్ వెంటే చూస్తుంటే ఈ తేడా కనపడదు. ఒక మనిషి కార్నర్‌నే చూడాలి, వేరే ఏదీ చూడకూడదు.

మేం సూచించే పద్ధతి ఇది. ఒక్కో కార్నర్‌కు ఇరవై కూతలు. కూతకు వెళ్ళేవాళ్ళు ఎంపికకు వచ్చినవాళ్ళు కాకుండా సీనియర్ జట్టు రైడర్లు ముగ్గురు, అందరికీ వాళ్ళే. మొదటి ఎనిమిది కూతలు ఏడుగురు డిఫెండర్లతో. ఆరుగురు, అంతకు మించి ఉంటేనే బోనస్ ఉంటుంది కనుక బోనస్ కాలిని ఎలా ఎదుర్కొంటాడో ఇక్కడ తెలుస్తుంది. తర్వాతి ఆరు ఐదుగురితో. చివరి ఆరు ముగ్గురితో, అంటే అంత తక్కువమందే ఉండి పట్టేస్తే అదనపు పాయింటు వచ్చే సూపర్ టాకిల్ పరిస్థితి. మొత్తంలో నాలుగు కూతలను డూ ఆర్ డై (పాయింటు తేకపోతే రైడరే అవుటయ్యే కూత) అని ముందే ప్రకటించాలి. రైడర్ తప్పనిసరిగా తెగించాల్సినప్పుడు కార్నర్ ఇంకా ఓపిక పట్టగలడా లేక తానూ తెగిస్తాడా అన్నది అక్కడే బయటపడుతుంది. టచ్ అయినా ఎవరినీ బయటికి పంపకూడదు, ఇరవై పూర్తవ్వాలి. వీలైతే చివర్లో నాలుగు కూతలు రెండో పక్క నిలబెట్టి చూడండి. ఎడమ పక్క పులిలా ఉన్నవాడు కుడి పక్క తడబడటం మామూలే. జట్టుకు అది ముందే తెలియడం మేలు.

ప్రతి కూతకూ కాగితం మీద ఐదు గడులు చాలు. వెళ్ళాడా ఆగాడా; ఆ నిర్ణయం సరైనదేనా; మొదటి పట్టు ఎక్కడ పడింది; పాదాల నిలకడ, గీత, లాబీ; ఫలితం. ఆగాల్సిన చోట ఆగినందుకు కూడా పట్టు దొరికినంత మార్కు ఇవ్వాలి. దీని మీద మాకు ఏ సందేహమూ లేదు. ఆరుసార్లు వెళ్ళి మూడు పట్టినవాణ్ణి, పన్నెండుసార్లు వెళ్ళి ఐదు పట్టినవాణ్ణి పక్కపక్కన పెట్టండి. చూసేవాళ్ళకు రెండోవాడే హుషారుగా కనిపిస్తాడు. కానీ మొదటివాడు మూడు తెచ్చి మూడు పోగొట్టాడు, రెండోవాడు ఐదు తెచ్చి ఏడు పోగొట్టాడు. పైగా అసలు మ్యాచ్‌లో అయితే ఆ ఏడుసార్లూ తాను బయట కూర్చుని జట్టును కార్నర్ లేకుండా వదిలేసేవాడు.

దీనికి సమయం ఎక్కడిది అంటారు. కుడి, ఎడమ కార్నర్లను జతగా నిలబెడితే జతకు నలభై కూతలు, అరగంట. ఇరవై నలుగురు వస్తే ఆరు గంటలు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. బెజవాడ ఎండలో పదకొండింటికి ఆడించి ఓపిక లేదని రాయడం అన్యాయం. రైడర్లు అలసిపోతారు కనుక నాలుగేసి జతలకు ఒకసారి విరామం ఇవ్వాలి, లేకపోతే చివర్లో వచ్చినవాళ్ళకు సులువు రైడర్లు దొరుకుతారు.

ఇక వీడియో. రెండు ఫోన్లు చాలు. కానీ గ్యాలరీ పక్కనుంచి తీస్తే కవర్ల వెనక కార్నర్ పాదాలు కనపడవు. ఒకటి వెనక గీత అవతల, తలకన్నా కాస్త ఎత్తులో, రెండోది నడిగీత పొడుగున పెట్టాలి. సందేహం ఉన్న కుర్రాడివి ఆ రాత్రే మళ్ళీ చూడవచ్చు.

మట్టి మీద ఆడి వచ్చినవాళ్ళ విషయం వేరేగా ఆలోచించాలి. సంక్రాంతి పోటీల్లో ఆడే కుర్రాళ్ళు చాలామంది బూట్లు వేసి మ్యాట్ మీద కాలు పెట్టి ఉండరు. మట్టిలో మోకాలు జారించి పట్టు వేయడం అలవాటు. మ్యాట్ మీద అలా చేస్తే మోకాలి చర్మం లేచిపోతుంది, బూటు పట్టుకుపోయి చీలమండ మెలిపడుతుంది. ట్రయల్‌కు ముందు రోజు ఒక పూట మ్యాట్ మీద ఆడనివ్వండి. లేకపోతే మీరు కొలిచేది వాడి ఆటను కాదు, మ్యాట్ అలవాటును.

బరువు పరిమితి కోసం ముందు రోజంతా తిండి, నీళ్ళు మానేసి వచ్చేవాళ్ళు ప్రతి ట్రయల్‌లోనూ ఉంటారు. వాళ్ళ కాళ్ళలో ఆ రోజు బలం ఉండదు, కండరాలు పట్టేస్తాయి. బరువు రెండు రోజుల ముందు తూచి, ఆట రోజున కడుపు నిండా తిని రమ్మనాలి.

గాయాలను పిల్లలు దాస్తారు. అడిగితే ఏం లేదంటారు. ఒంటికాలి మీద కుర్చీ ఎత్తుదాకా ఐదుసార్లు కూర్చుని లేవమనండి. మోకాలు లోపలికి వంగిపోతుంటే డాక్టరుకు చూపించాల్సిందే. చేయి తల మీదికి ఎత్తి వెనక్కి తిప్పమన్నప్పుడు మొహం మారితే భుజం ఒకసారి జారి ఉండవచ్చు. కార్నర్‌కు ఇది చాలా ముఖ్యం, లాగే బరువంతా భుజం మీదే పడుతుంది కాబట్టి. ఇది కుర్రాణ్ణి తీసేయడానికి కాదు, వైద్యం చేయించడానికి.

చివరిగా ఒక విన్నపం. ఎంపిక ముగిసిన సాయంత్రం ఆ ఇరవై కూతల కాగితాలు, ఎంపికైనవాళ్ళవీ కానివాళ్ళవీ, నోటీసు బోర్డు మీద పెట్టండి. ఒక నకలు కుర్రాడి కాలేజీ పీడీకి పంపండి. ఏ పట్టు పిక్క మీద పడిందో, ఏ కూతకు తొందరపడ్డాడో తెలిస్తే వచ్చే ఏడాదికి సరిదిద్దే పని మేం చూసుకుంటాం.

— కొందరు కబడ్డీ శిక్షకులు, గుంటూరు, విజయవాడ