చిన్నితల్లి ప్రశ్నలకి జవాబుగా

ఒరేయ్ శీనూ,

మొన్న రాత్రి మీ పాప చిన్ని ఆకాశం గురించి అడిగిన ప్రశ్నలన్నీ రాసి నువ్వు పంపిన మెసేజ్ ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. ఫోన్‌లో చెప్పేద్దామనుకున్నాను గానీ, నీకు చెబితే చిన్ని దాకా సగమే చేరుతుంది. అందుకే కాగితం తీశాను. ఉత్తరం నీ పేరు మీదే రాస్తున్నాను. చదివేటప్పుడు మాత్రం తనని పక్కన కూర్చోబెట్టుకో.

ముందు నిద్ర సంగతి చూద్దాం. పెద్ద బండరాయి వచ్చి భూమి మీద పడిపోతుందని ఎవరో పెట్టిన వీడియో చూసినప్పటి నుంచి రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోందన్నావు. "అలాంటివేం లేవమ్మా, పడుకో" అని చెల్లెమ్మ జోకొడుతోందన్నావు. ఆ ఒక్క మాట మానెయ్యమని చెల్లెమ్మకి చెప్పు. రాళ్లు ఉన్నాయి. పడ్డాయి కూడా. 6.6 కోట్ల ఏళ్ల క్రితం ఇప్పటి మెక్సికోలో చిక్షులూబ్ అనే చోట సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం పడింది. డైనోసార్లు అంతరించిపోయింది ఆ దెబ్బకే అంటారు. అంత దూరం ఎందుకు, మహారాష్ట్రలో లోనార్ సరస్సు ఉంది కదా, గుండ్రంగా, దాదాపు 2 కిలోమీటర్ల వెడల్పున. అది కూడా పైనుంచి పడ్డ రాయి చేసిన గొయ్యే. ఇవన్నీ పిల్ల రేపో మాపో బళ్లో వింటుంది. అప్పుడు అమ్మ మాట మీద నమ్మకం పోతుంది, భయం మాత్రం మిగులుతుంది.

తనకి చెప్పాల్సింది వేరే ఉంది. ఆ రాళ్లకి కాపలా కాసేవాళ్లు ఉన్నారని చెప్పు. మన ఊళ్లో రాత్రిపూట గూర్ఖా ఈల వేస్తూ తిరిగినట్టు, హవాయిలోనూ అరిజోనాలోనూ టెలిస్కోపులు మబ్బు లేని ప్రతి రాత్రీ ఆకాశాన్ని జల్లెడ పడుతుంటాయి. కిలోమీటరు కన్నా పెద్దవైన, భూమి దారికి దగ్గరగా వచ్చే రాళ్లలో నూటికి తొంభైకి పైగా ఇప్పటికే దొరికాయి. వాటిలో ఏదీ వచ్చే వందేళ్లలో మన మీదకి వచ్చేది కాదు. ఇది లెక్క వేసి చెప్పిన మాట.

ఒకవేళ వస్తే? ఆ ప్రశ్న కూడా చిన్నే అడిగిందన్నావు, అదీ అర్ధరాత్రి. దానికి 2022 సెప్టెంబరు 26న జవాబు దొరికింది. నాసా వాళ్లు డార్ట్ అనే చిన్న వ్యోమనౌకని డిమోర్ఫస్ అనే రాయికి కావాలని గుద్దించారు. రాయి సుమారు 160 మీటర్లు, నౌక బరువు ఆరు క్వింటాళ్ల లోపే. కానీ వేగం సెకనుకి 6 కిలోమీటర్లు! డిమోర్ఫస్ తనకన్నా పెద్దదైన ఇంకో రాయి చుట్టూ 11 గంటల 55 నిమిషాలకి ఒకసారి తిరిగేది. దెబ్బ తిన్నాక ఆ చుట్టు 32 నిమిషాలు తగ్గిపోయింది. 73 సెకన్లు మారినా చాలు, గెలిచినట్టే అనుకున్నారు వాళ్లు. మనిషి ఆకాశంలో ఒక వస్తువు నడకని కావాలని మార్చడం అదే మొదటిసారిరా. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. డైనోసార్లకి లేనిది మనకి ఉంది అనిపించింది.

ఆ వీడియోలో ఏదో "3 శాతం" అన్నారని రాశావు. అది 2024 వైఆర్4 అనే రాయి అయి ఉంటుంది. 2024 డిసెంబరులో దొరికింది. 2032లో భూమిని తాకే అవకాశం ముందు 1 శాతం అన్నారు, 2025 ఫిబ్రవరిలో 3.1 దాకా పెరిగింది, నాలుగు రోజులు తిరక్కుండానే దాదాపు సున్నాకి పడిపోయింది. పెరగడం మాత్రం అందరూ విన్నారు, పడిపోవడం ఎవరికీ చేరలేదు. ఎందుకలా పెరిగి తగ్గుతుందో చిన్నికి ఇలా చెప్పు. ఇంట్లో ఐదు గదులున్నాయి, తాళంచెవి ఎక్కడో పడిపోయింది. వంటింట్లో ఉండే అవకాశం ఐదింట ఒక వంతు. మూడు గదులు వెతికినా దొరకలేదు. ఇప్పుడు వంటింట్లో ఉండే అవకాశం సగానికి పెరిగింది కదా? తాళంచెవి అంగుళం కూడా కదల్లేదు, మనం వెతకాల్సిన చోటు తగ్గింది, అంతే. చివరికి నాలుగో గదిలో మంచం కింద దొరికింది, వంటింటి లెక్క సున్నా అయిపోయింది. ఆ రాయి విషయంలో మన భూమే ఆ వంటిల్లు.

ఇంకోటి కూడా ముందే చెప్పి ఉంచు. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం మన పక్కనుంచి పోతుంది. సుమారు 340 మీటర్ల రాయి, 32,000 కిలోమీటర్ల దూరంలోంచి. మనకి టీవీ ప్రసారాలు అందించే ఉపగ్రహాలు ఉండేది అంతకన్నా పైన. అప్పుడు భయపెట్టే వీడియోలు కుప్పలు తెప్పలుగా వస్తాయి. అది తగలదు, ఎంతో జాగ్రత్తగా కొలిచి చూశారు. ఐరోపా, ఆఫ్రికా వైపు మామూలు కంటికే కదిలే చుక్కలా కనిపిస్తుందట. నాకు మాత్రం అది పండగ లాంటి రోజు.

సరే, గుడి ప్రశ్నకి వద్దాం. నవగ్రహాల చుట్టూ తిరుగుతూ "ఇందులో భూమి ఏది?" అని పంతులుగారిని నిలబెట్టేసిందా! ఎంత మంచి ప్రశ్నరా అది. నువ్వు తలొంచుకున్నానన్నావు, నేనైతే ఎత్తుకుని ముద్దు పెట్టుకునేవాణ్ని.

పూర్వం మనవాళ్లు ఆకాశం చూసినప్పుడు చుక్కలన్నీ ఒకదానికొకటి ఎప్పుడూ అదే దూరంలో, చీర మీద బుటాల్లాగా కనిపించాయి. వాటి మధ్య ఏడు మాత్రం చోటు మారుతున్నాయి. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని. మన వారాల పేర్లు ఆ ఏడే. మిగిలిన రెండూ, రాహువు కేతువులు, వస్తువులు కావు. ఆకాశంలో చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు కూడళ్లు. సూర్యుడూ చంద్రుడూ ఆ కూడళ్ల దగ్గరికి చేరినప్పుడే గ్రహణాలు వస్తాయి. రాహువు మింగాడు అన్న కథ వెనక ఇంత లెక్క ఉంది! భూమి ఎందుకు లేదంటే, మనం నిలబడి చూస్తున్నది దాని మీదనుంచే. బస్సులో కూర్చున్నవాడికి చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, బస్సు కనిపించదు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే పడవలో వెళ్లేవాడి పోలికతో ఇదే చెప్పాడు. ఒడ్డు వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది, అలాగే కదలని చుక్కలు పడమటికి పోతున్నట్టు అనిపిస్తాయి అని. గోదావరి మీద పడవెక్కి పెరిగినవాళ్లం, మనకి ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కాబట్టి గుళ్లో తొమ్మిదీ, బళ్లో ఎనిమిదీ రెండూ సరైనవే. అక్కడ గ్రహం అంటే చుక్కల మధ్య లెక్కలోకి వచ్చేది, ఇక్కడ గ్రహం అంటే సూర్యుడి చుట్టూ తిరిగేది. మాట ఒకటే, అర్థం మారింది.

నాకు ఇంకా ఇష్టమైన సంగతి ఒకటుంది. శని సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 30 ఏళ్లు. పన్నెండు రాశులకి పంచితే రాశికి రెండున్నరేళ్లు. మూడు రాశులకి ఏడున్నర. మీ అమ్మ భయపడే ఏల్నాటి శని లెక్క అదే! నమ్మడం నమ్మకపోవడం ఎవరి ఇష్టం వాళ్లది, ఆ ఏడున్నర అంకె మాత్రం ఆకాశంలోంచి వచ్చిందే. గురువు చుట్టు దాదాపు 12 ఏళ్లు, రాశికి ఒక ఏడాది. గురువు సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరాలు, కన్యలోకి వస్తే కృష్ణకి. 2015లో గోదావరి, 2016లో కృష్ణ, మళ్లీ 2027లో గోదావరి. ఐదుసార్లు గురువు, రెండుసార్లు శని తిరిగితే మన అరవై ఏళ్ల చక్రం. కరోనా ఏడు నువ్వు ఇంట్లోంచి పనిచేస్తూ ఇక్కడే ఉన్నప్పుడు, డిసెంబరు 21న పొద్దుగూకాక చెరువు గట్టు మీద చూశాం, గుర్తుందా? రెండు చుక్కలు అతుక్కుపోయినట్టు ఉన్నాయే, అవి ఆ గురువూ శనే. దాదాపు 400 ఏళ్లుగా అంత దగ్గరికి రాలేదు.

ప్లూటోని గ్రహాల్లోంచి తీసేశారు కదా, అదేం తప్పు చేసిందని అడిగిందట. ఏ తప్పూ చేయలేదని నా మాటగా చెప్పు. 1930లో క్లైడ్ టాంబా దాన్ని కనిపెట్టినప్పుడు, ఊరి చివర ఒంటరి ఇల్లు అనుకున్నారు. 1992 నుంచి చూస్తే దాని చుట్టూ అలాంటివే ఎన్నో ఉన్న పెద్ద పేటే బయటపడింది. 2005లో దొరికిన ఏరిస్ దాదాపు ప్లూటో అంతే ఉంది. దాన్నీ గ్రహమంటే రేపు ఇంకెన్ని అనాలి? అందుకని 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై నిర్వచనం రాసుకున్నారు. సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండేంత బరువుండాలి, తన దారిలో తనే పెద్దగా నిలిచి మిగతావాటిని తొలగించుకుని ఉండాలి. మూడోది ప్లూటోకి కుదరలేదు. ఇలా జరగడం మొదటిసారి కూడా కాదు. 1801 జనవరి 1న పియాజీ కనిపెట్టిన సెరెస్‌ని సుమారు యాభై ఏళ్లు గ్రహమనే పిలిచి, తర్వాత గ్రహశకలాల్లో కలిపారు. ఆ నిర్వచనం నాకు పూర్తిగా నచ్చలేదు, ముఖ్యంగా ఆ మూడో షరతు. కానీ కారణం అర్థమవుతుంది.

చిన్నికి నచ్చే ముక్క ఇది. ప్లూటోకి ఆ పేరు సూచించింది వెనీషియా బర్నీ అనే పదకొండేళ్ల ఇంగ్లండు అమ్మాయి. పొద్దున్న టిఫిన్ దగ్గర తాతగారు పేపర్లో వార్త చదివి వినిపిస్తే చెప్పేసింది. అంగారకుడి రెండు చంద్రులకి ఫోబోస్, డీమోస్ అని పేర్లు సూచించినాయన ఆ తాతగారి అన్నే!

ప్లూటో దగ్గరికి వెళ్లిన నాసా నౌక న్యూ హొరైజన్స్ 2006 జనవరిలో బయలుదేరింది. అప్పటికి ప్లూటో గ్రహమే, నౌక దారిలో ఉండగా గ్రహం అన్న హోదా పోయింది. తొమ్మిదిన్నరేళ్లు ప్రయాణించి 2015 జులై 14న దాన్ని దాటింది. ఆ తేదీ నీకూ గుర్తుండాలి, గోదావరి పుష్కరాలు మొదలైన రోజు. ఆ పొద్దున రాజమండ్రిలో తొక్కిసలాట జరిగి ఎంతమంది ప్రాణాలు పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు పిండేసినట్టు ఉంటుంది. సాయంత్రం ఐదుంపావు దాటాక ఆ నౌక ప్లూటో పక్కన ఉంది. ఆ రోజు మనం ఎవరం ఆ వార్త పట్టించుకునే స్థితిలో లేం. తర్వాత చాలా రోజులకి ఫోటో చూశాను. ప్లూటో మీద తెల్లగా గుండె ఆకారంలో మంచు మైదానం ఉంది. చిన్నికి ఆ ఫోటో చూపించు.

చంద్రుడి వెనక వైపు మనకి ఎందుకు కనిపించదో గుళ్లోనే చూపించొచ్చు. ప్రదక్షిణ చేసేటప్పుడు మన కుడి భుజం ఎప్పుడూ గర్భగుడి వైపే ఉంటుంది. లోపల ఉన్న దేవుడికి మన ఎడమ భుజం ఎప్పుడూ కనిపించదు. అలాగని మనం తిరగలేదా? ఒక చుట్టు పూర్తయ్యేలోపు నాలుగు దిక్కులకీ మొహం తిప్పుతాం. చంద్రుడూ అంతే, భూమి చుట్టూ తిరగడానికీ తనలో తాను తిరగడానికీ ఒకే 27.3 రోజులు. కోట్ల ఏళ్లు భూమి లాగి లాగి అలా కుదిరింది. ఆ వెనక వైపుని మొదట ఫోటో తీసింది 1959లో సోవియట్ వాళ్ల నౌక లూనా 3. అన్నట్టు, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు మనకి దూరం జరుగుతున్నాడు. దీనికి కంగారుపడొద్దని చెప్పు.

శనికి 270కి పైగా చంద్రులు, మనకి ఒక్కడేనా అని అలిగిందన్నావు. వాటిలో చాలావరకు కొన్ని కిలోమీటర్ల రాళ్లే. 2025 మార్చిలో ఒకేసారి 128 కలిశాయి. మనవాడి అడ్డుకొలత భూమిలో పావు వంతు పైనే, ప్లూటో కన్నా పెద్దవాడు. ఒక్కడే అయినా వెన్నెల ఇచ్చేవాడు.

శుక్రుడి గురించి ఒక్క మాట. "సూర్యుడు పడమట పొడిచినా సరే" అని మనం పంతం పడతాం చూడు, అక్కడ నిజంగానే పడమట పొడుస్తాడు. శుక్రుడు మనకి ఎదురు దిక్కున తిరుగుతాడు. పొద్దుపొడుపుకీ పొద్దుపొడుపుకీ మధ్య 117 రోజులు. వేడి 460 డిగ్రీల పైనే, సూర్యుడికి దగ్గరున్న బుధుడి కన్నా ఎక్కువ. దట్టమైన గాలి మూత పెట్టిన గిన్నెలా వేడిని పోనివ్వదు.

ఇక అసలు విషయం. డిసెంబరు 13 రాత్రికి ముగ్గురూ ఇక్కడికి రండి. సంక్రాంతి నెల పట్టడానికి రెండు మూడు రోజుల ముందు. ఆ రాత్రి రాలే ఉల్కలు ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన పొడి. అంటే చిన్ని భయపడే ఆ రాళ్ల తాలూకు ముక్కలేరా! ఇసుక రేణువులంత, శనగగింజలంత ఉంటాయి. మన తలమీద 80, 100 కిలోమీటర్ల పైనే మండిపోతాయి. పునర్వసు చుక్కల దగ్గర్నుంచి విరజిమ్మినట్టు వస్తాయి, అర్ధరాత్రి దాటాక ఇంకా బాగుంటుంది. మీ హైదరాబాద్ దీపాల వెలుగులో అవి కనపడవు. మా మేడ మీద చాపలు వేసి ఉంచుతాను, రగ్గులు మాత్రం మీరు తెచ్చుకోండి, మంచు పడుతుంది. చిన్నిని నా పక్కన పడుకోమను. ఎన్ని రాలాయో లెక్క తనే రాస్తుంది, పలకా బలపం నేను తీసి పెడతాను.

టికెట్లు ఇప్పుడే చేయించు, ఆ నెలలో దొరకవు. చెల్లెమ్మని, అమ్మని అడిగానని చెప్పు.

నీ
మూర్తి