శ్రావణం జాకెట్లు టైముకే ఇస్తాం, కత్తెర మాత్రం ఇప్పుడు నా చేతిలో లేదు

మా బెజవాడ సత్యనారాయణపురం కుట్టు షాపుకి ఏళ్ళుగా వస్తున్న అమ్మలకి, అక్కలకి, పెళ్ళై అమెరికా వెళ్ళిపోయి కూడా ఆది జాకెట్టు ఇంకా నా బీరువాలోనే ఉంచిన పిల్లలకి నమస్తే. రెండు ముక్కల్లో చెప్పి వదిలేద్దాం అనుకున్నా గానీ ఇవాళ నాకు ఇంజక్షన్ రోజు, దాంతో పాటు డెక్సామెథసోన్ అని స్టెరాయిడ్ బిళ్ళలు వేసుకోవాలి, అవి వేసుకున్న రాత్రి నిద్ర పట్టదు, ఎవరైనా దొరికితే తెల్లారేదాకా మాట్లాడాలనిపిస్తుంది. మా ఆయన దుప్పటి ముసుగేసుకుని పడుకున్నారు కాబట్టి మీరు దొరికారు, చదవండి.

విషయం మీలో సగం మందికి తెలుసు, మిగతా సగానికి ఆ సగం మంది చెప్పారు, చెప్పిన ప్రతివాళ్ళూ తలా కాస్త లేసు కుట్టి చెప్పారు. మొన్న ఒకావిడ నాకే ఫోన్ చేసి ‘షాపు అమ్మేస్తున్నారంటగా, లోపలి నిలువుటద్దం ఎంతకిస్తారు’ అని అడిగింది. అమ్మట్లేదు. అద్దం కూడా అమ్మట్లేదు.

నాకొచ్చింది మల్టిపుల్ మైలోమా, బ్లడ్ క్యాన్సర్లలో ఒక రకం. ఎముకల లోపల మూలుగ ఉంటుంది కదా, అందులో ప్లాస్మా కణాలని ఉంటాయి, మామూలుగా ఇన్ఫెక్షన్లతో పోట్లాడే యాంటీబాడీలు తయారు చేసేవి అవే, అవి అదుపు తప్పి పెరిగిపోతే ఈ జబ్బు. గడ్డ కనపడదు. దగ్గితే కర్చీఫ్‌లో రక్తం పడటం పాత సినిమాల్లో హీరోయిన్లకే, నాకు ఆ ఛాన్స్ రాలా. మొదలైంది నడుం నొప్పితో, మిషను మీద కూర్చునేవాళ్ళకి నడుం నొప్పి రాకపోతే వింత, ముందు చూసిన డాక్టరు కూడా అదే అన్నారు. తర్వాత హిమోగ్లోబిన్ ఎందుకు పడిపోతోందో తేలక రక్తంలో ప్రోటీన్ టెస్టు చేశారు, సీరం ఎలక్ట్రోఫోరెసిస్ అంటారు, ఆపైన మూలుగ తీసి చూస్తే తేలింది. పూర్తిగా పోయే జబ్బు కాదు, మందులతో అణిచిపెట్టి ఏళ్ళ తరబడి బతకొచ్చు అని చెప్పారు. హిందీ నటి కిరణ్ ఖేర్ గారికి కూడా ఇదే, ఆవిడ ఎంపీగా ఉండగా 2021లో సంగతి బయటికొచ్చింది, ట్రీట్‌మెంట్ తీసుకుంటూనే మళ్ళీ టీవీలో జడ్జిగా కూర్చున్నారు, ఆ పట్టుచీరలు ఆ నగలు ఏమీ తగ్గలా.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది ఏంటంటే మీరు షాపులోకొచ్చి గొంతు తగ్గించి మాట్లాడటం. ఇదివరకు గుమ్మంలో కాలు పెట్టకముందే ‘ఏమ్మా, నా జాకెట్టు ఈ జన్మలో ఇస్తావా’ అని అరిచే పిన్నిగారు, నేను గురువారం అంటే ‘ఏ గురువారమో కేలెండర్‌లో చూపించు’ అనే పిన్నిగారు, ఇప్పుడొచ్చి ‘నీకు ఓపికున్నప్పుడే ఇవ్వమ్మా, తొందరేం లేదు’ అంటున్నారు. తొందర లేకపోతే నేనెందుకు కుట్టాలి అసలు? ఇంజక్షన్ వార్డులో మేం ఇంతకన్నా నవ్వుతాం. అక్కడ నా పక్క కుర్చీలో ఒక రిటైర్డ్ మాస్టారు కూర్చుంటారు, ఆయనకీ ఇదే జబ్బు, చొక్కా కాలరు అరిగిపోయింది. తిప్పి కుట్టిస్తా ఇవ్వండి మాస్టారూ అంటే ‘నేనెన్నాళ్ళు వేసుకుంటానో చూసి ఇస్తాలేమ్మా’ అన్నారు. ‘ఈ గుడ్డ మీకన్నా ముందే పోతుంది, తెండి’ అన్నా. నర్సమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. కాలరు తిప్పి ఇచ్చా, వేసుకొస్తున్నారు. నవ్వితే క్యాన్సర్ పోతుందని నేను అనట్లేదు, అది మందుల పని. నవ్వకపోతే నాకు రోజు గడవట్లేదు, అంతే. స్టెరాయిడ్ దిగిపోయిన రోజు మాత్రం కారణం లేకుండా ఏడుపొస్తుంది, ఆ రోజు షాపుకి రాను, వచ్చినా కొలతలు తీసుకోను.

ఇక అసలు సంగతి. ఇంజక్షన్ పేరు బోర్టెజోమిబ్, పొట్ట మీద చర్మం కిందకి ఇస్తారు, అమెరికాలో 2003లో అనుమతి వచ్చిన మందు, బాగా పనిచేస్తుంది, నాకూ చేస్తోంది, కానీ నరాల మీద పడుతుంది. ముందు అరికాళ్ళు తిమ్మిరెక్కాయి, తర్వాత వేళ్ళ చివర్లు. ఒకరోజు హుక్కులు కుడుతుంటే సూది వేల్లో దిగినా తెలియలా, గుడ్డ మీద చుక్క చూస్తే తెలిసింది. కంగారు పడకండి, అది నా సొంత జాకెట్టే. డాక్టరుకి చెప్తే వారానికి రెండుసార్లు ఇచ్చేది ఒకసారి చేశారు. శ్రావణం అయ్యేదాకా ఆపేస్తే వేళ్ళు వెనక్కొస్తాయేమో అని అడిగా. ‘జబ్బుకి ఆషాఢం, శ్రావణం లేవమ్మా’ అన్నారు.

కటింగ్ అంటే కత్తెర ఆడించడం ఒకటే కాదు. నాలుగు మడతల గుడ్డలో కింది మడత జరిగిందా లేదా అనేది ఎడమచేతి వేళ్ళకి తెలియాలి, కంటికి కనపడదు. క్రేప్, జార్జెట్ అయితే చూస్తుండగానే జారిపోతుంది. చంక గుండ్రం దగ్గర పావు అంగుళం పోయిందంటే తర్వాత మార్జిన్ ఎంత వదిలినా చెయ్యెత్తినప్పుడల్లా జాకెట్టు పైకి లేస్తుంది, పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి చెయ్యెత్తాలా వద్దా మరి.

వన్‌టౌన్‌లో కటింగ్ మాస్టర్లు దొరుకుతారు, పీసుకింత అని తీసుకుంటారు, చెయ్యి మంచి స్పీడు. ఒకాయన వచ్చి చూశాడు. నా ఆది జాకెట్ల బీరువా తెరిచి చూపిస్తే ‘ఇవన్నీ ఎందుకండీ, చెస్ట్ కొలతొకటి చెప్పండి, మిగతాది లెక్క ప్రకారం వచ్చేస్తుంది’ అన్నాడు. లెక్క ప్రకారం మీలో ఎవరున్నారు చెప్పండి. ఒక భుజం దిగినవాళ్ళున్నారు, బాలెంతలున్నారు, రొమ్ము ఆపరేషన్ అయ్యి ఒక పక్క లోపల ప్యాడ్ పెట్టించి కుట్టించుకునేవాళ్ళున్నారు, అవి వాళ్ళు నాకు తప్ప ఎవరికీ చెప్పని సంగతులు. ఆయనకి కాఫీ ఇచ్చి పంపించేశా.

మిగిలింది మా సింగ్‌నగర్ అమ్మాయి. మీకు తెలుసు, కాజాలు కుట్టడానికని వచ్చింది, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి ఇల్లు మునిగి సొంత మిషను బురదపాలైతే, నీళ్ళు తీయగానే ఏమీ జరగనట్టు పనిలోకొచ్చి కూర్చున్న పిల్ల. దాని చేతికి కత్తెర ఇవ్వాలా వద్దా అని నేను పడిన ఆలోచన చెప్తే నవ్వుతారు, జబ్బు పేరు తెలిసిన రోజు కూడా అంత ఆలోచించలా. మా ఆయన ‘ఇచ్చెయ్, పోయేదేముంది’ అన్నారు. పోయేదేముందంటే ఏం చెప్తాం, ఇన్నేళ్ళూ జనం వచ్చింది నా కటింగ్‌కి, బోర్డు చూసి కాదు, ఆ బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. పైగా అది నాలాగా కొయ్యదు. నేను ఆది జాకెట్టు గుడ్డ మీద పరిచి చాక్ ముక్కతో గీసి కోసేస్తా. అది యూట్యూబ్‌లో పేపర్ కటింగ్ నేర్చుకుంది, ముందు పాత న్యూస్ పేపర్ మీద గీసి, దాన్ని కత్తిరించి, గుడ్డ మీద పెట్టి, గుండుసూదులు గుచ్చి, అప్పుడు కోస్తుంది. ఆ టైముకి నేను రెండు జాకెట్లు కోసేసేదాన్ని.

చివరికి ముందు నా గుడ్డే ఇచ్చా, మా అక్క కూతురి పెళ్ళికి పెట్టిన మంగళగిరి పట్టు. కొయ్యి అని చెప్పి లోపల గదిలోకెళ్ళి కూర్చున్నా, పక్కన నిలబడితే దాని చెయ్యి వణుకుతుంది, నా నోరు ఊరుకోదు. కుట్టాక వేసుకుని చూశా. చంక కింద ముడత రాలా. నేను కోసుకున్న జాకెట్లకి అక్కడ ఒక చిన్న ముడత ఎప్పుడూ వచ్చేది, నా ఒళ్ళే అంతలే అనుకునేదాన్ని. దానికి మాత్రం ‘పర్లేదు, చేతులు పావు అంగుళం పొడుగయ్యాయి’ అని చెప్పా. అవ్వలా.

కాబట్టి ఇప్పట్నుంచి కొలతలు నేనే తీస్తా, గీత నేనే గీస్తా, అది పేపరు పెట్టుకుంటే పెట్టుకోనీ, పేపరు మీద గీత కూడా నేను చూశాకే కత్తెర ఆడుతుంది. ట్రయల్ నా ముందే. ఫిట్టింగ్ బాలేకపోతే నన్ను తిట్టండి, దాన్ని కాదు.

రెండోది లైనింగ్ గొడవ. ఎండాకాలం పెళ్ళిళ్ళకి మెరూన్ జాకెట్లు కుట్టించుకున్న కొందరికి రంగు దిగింది, అందులో ఒకావిడకైతే మీగడ రంగు కంచి పట్టుచీరకి భుజం దగ్గర అంటుకుంది. మే నెల, బెజవాడ, ఏసీ పనిచెయ్యని కల్యాణ మండపం, చెమట పట్టకుండా ఎలా ఉంటుంది. మా దగ్గర కాటన్ లైనింగ్ నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యకుండా ఏ రోజూ కొయ్యలా. ఈ తాను కూడా నానబెట్టాం, మెరూన్‌కి మొదటి నీళ్ళు ఎర్రబడటం మామూలే, రెండో నీళ్ళు తేటగా వచ్చాయి. ఉప్పు చెమట తగిలాక గానీ బయటపడలా, అంటే అద్దకం సరిగ్గా వెయ్యలేదు. శాంపిల్‌గా ఇచ్చిన ముక్క ఒక రకం, పంపిన తాను ఇంకో రకం, రెండూ పక్కపక్కన పెడితే నా తిమ్మిరి వేళ్ళకే తేడా తెలిసింది, ఇంక కళ్ళకి తెలియదా.

ఆ లైనింగ్ అమ్మిన కొట్టాయన దగ్గర ఎప్పట్నుంచో కొంటున్నా, ఏనాడూ అప్పు పెట్టలా. ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా, ‘చెల్లెమ్మా, ఒంట్లో బాలేనప్పుడు ఇలాంటివి మనసులో పెట్టుకోకూడదు, టెన్షన్ పడితే కౌంట్ పడిపోద్ది’ అన్నాడు. నా కౌంట్ సంగతి డాక్టర్ చూస్తారు, నీ నూలు కౌంట్ ఎంతో చెప్పన్నయ్యా అన్నా. బిల్లు తెండి చూద్దాం అన్నాడు. తీసుకెళ్ళా, శాంపిల్ ముక్కతో సహా. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు, బిల్లు అటు తిప్పాడు ఇటు తిప్పాడు, గుడ్డ ఉతకడం మా బాధ్యత కాదు కదా అన్నాడు, ఆపైన పక్కనున్న గుమస్తాతో మెల్లగా, నాకు వినపడదనుకుని, ‘ఆవిడకి బాలేదు పాపం, సరిగ్గా నానబెట్టుంటారా’ అన్నాడు. తిమ్మిరి వేళ్ళకయ్యా, చెవులకి కాదు. అదే నేను బాగున్న రోజుల్లో అయితే మారుమాట లేకుండా తాను వెనక్కి తీసుకునేవాడు, ఇప్పుడు ఈవిడెంతకాలం కొంటుందిలే అనుకున్నాడు. ఆయన లెక్క తప్పు. లేచి వచ్చేశా, మజ్జిగ కూడా తాగలా. ఆ డబ్బులు రావు, నాకు ఆశ కూడా లేదు, మిగిలిన మెరూన్ తాను చింపి గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకోడానికి వేశా, వర్షంలో తడిసి వచ్చేవాళ్ళు చూసుకుని తొక్కండి, పాదాలకి రంగంటుకుంటుంది.

ఆ చీరకి డ్రై క్లీనింగ్ నా ఖర్చుతో చేయించా, మరక చాలావరకు పోయింది, జాకెట్టు కూడా వేరే లైనింగ్‌తో మళ్ళీ కుట్టిచ్చాం. ఈ వేసవిలో మెరూన్, బాటిల్ గ్రీన్, నేవీ బ్లూ లైనింగ్‌తో కుట్టించుకున్నవాళ్ళందరూ ఒకసారి తెచ్చి చూపించండి, ఉప్పునీళ్ళలో తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూస్తాం, రంగంటితే లైనింగ్ ఊరికే మారుస్తాం. ఇకనుంచి ముదురు రంగులన్నీ ఇలా చూశాకే కోస్తాం. లైనింగ్ ఇప్పుడు కొనే కొత్త చోట మీటరుకి కాస్త ఎక్కువే పడుతోంది, అయినా శ్రావణం అయ్యేదాకా కుట్టుకూలి పెంచను. నాకు బాలేదని మీలో కొందరు బేరం ఆడటం మానేశారు, అదొక్కటి మాత్రం అలాగే కొనసాగించండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఇది అంటుకునే జబ్బు కాదు, ఒకావిడ గుండుసూది గుచ్చుకుంటే వస్తుందా అని అడిగింది, రాదు. మీ నుంచే నాకు అంటుకునే భయం, ఈ జబ్బులోనూ ఈ మందులతోనూ ఇన్ఫెక్షన్లు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, కాబట్టి జలుబు, జ్వరం ఉన్నవాళ్ళు గుడ్డ పంపించండి, మీరు రావద్దు. మాస్కులో ఉంటే మొహం మాడ్చుకున్నాననుకోవద్దు. లెనాలిడోమైడ్ అని ఇంకో మందు వేసుకుంటా, 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతాం, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ క్యాప్సూల్ ముట్టుకోకూడదు, అందుకని ఆ డబ్బా ఇంట్లోనే ఉంటుంది, షాపు గుమ్మం తొక్కదు, సీమంతం జాకెట్లకి వచ్చే పిల్లలు నిశ్చింతగా రండి. గ్రీన్ టీ ప్యాకెట్లు దయచేసి తేవద్దు, ఇప్పటికే ఒక అర నిండింది, బోర్టెజోమిబ్ పనికి అది అడ్డం పడొచ్చని డాక్టరు వద్దన్నారు. గోధుమగడ్డి రసం, బొప్పాయి ఆకు రసం కూడా ఆయన్ని అడక్కుండా తాగను. ఏదన్నా తేవాలనిపిస్తే మీ వీధి కబుర్లు తెండి, వాటికి నాకు ఏ పథ్యం లేదు.

వరలక్ష్మీ వ్రతానికి కావాల్సినవి ఆషాఢంలోనే ఇచ్చేయండి, టైముకి ఇచ్చే పూచీ నాది. వ్రతం ముందు రోజు సాయంత్రం చీరతో పరిగెత్తుకొచ్చే బ్యాచ్ ఒకటుంది, వాళ్ళకి నేను బాగున్నప్పుడూ తిట్లే పడేవి, ఇప్పుడు ఇంజక్షన్ రోజున వచ్చారంటే ఇంకా ఓపిగ్గా తిడతా.

ఇక నాకు శ్రమ ఎందుకని వేరే చోట ఇచ్చుకున్నవాళ్ళున్నారు, ఎవరెవరో నాకు తెలుసు, పేర్లు రాయను. అందులో ఒకరు అక్కడ కుట్టించిన జాకెట్టుకి భుజం జారుతోందని మొన్న సరిచెయ్యమని తెచ్చారు, చేసిచ్చాం. బయట కుట్టినవాటికి ఆల్టరేషన్ డబుల్ ఛార్జి, ఆ కాగితం నాకు జబ్బు రాకముందు నుంచీ గోడ మీద ఉంది, తియ్యను.