మా వీధిని ఒకసారి టేపు పెట్టి కొలిపించండి: పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి టి.నగర్ వీధివాసుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

చెన్నై త్యాగరాయనగర్ (టి.నగర్)లో జి.ఎన్.చెట్టి రోడ్డుకు దక్షిణంగా ఉన్న ఒక చిన్న అడ్డవీధి నివాసులం నమస్కరించి రాసుకుంటున్న విన్నపం ఇది. దీని తమిళ ప్రతిని నలభై మూడు కుటుంబాల సంతకాలతో ఇదివరకే మీ కార్యాలయానికి పంపుకున్నాం. మా వీధిలో సగానికి పైగా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు కనుకా, ఇలాంటి చిక్కులోనే ఉన్న మాంబళం, సైదాపేట, పెరంబూరు తెలుగువారు కూడా చదువుకుంటారనీ తెలుగులోనూ బహిరంగపరుస్తున్నాం.

మా వీధి మధ్యలో పక్కపక్కనే ఉన్న మూడు పాత బంగళాలను ఒక నిర్మాణ సంస్థ కొన్నది. మూడూ కలిపి పద్నాలుగు గ్రౌండ్లు, అంటే 33,600 చదరపు అడుగులు. ఇన్నేళ్లుగా అందులో మూడు కుటుంబాలు, ఒక తోటమాలి, ఎన్నున్నాయో ఎవరూ లెక్కపెట్టని పిల్లులు ఉండేవి. ఇప్పుడు అక్కడ రెండు బేస్‌మెంట్లతో, 96 ఫ్లాట్లతో బహుళ అంతస్తుల భవనం లేస్తుందని వీధి మొదట పంచిన రంగుల కరపత్రం చెబుతోంది. అనుమతి ఇంకా పరిశీలనలోనే ఉందని తెలిసింది. ఒకసారి గొయ్యి తవ్వాక చెప్పుకొని ప్రయోజనం ఉండదు గనుక ఇప్పుడే చెప్పుకుంటున్నాం.

టి.నగర్ వాళ్లు ప్రశాంతత గురించి మాట్లాడటమేమిటని మీకు నవ్వు రావచ్చు. దీపావళి ముందు ఆదివారం ఉస్మాన్ రోడ్డు మీద నిలబడ్డవారెవరికైనా వస్తుంది. కానీ బట్టల దుకాణాలూ బంగారు అంగళ్లూ ఉన్న టి.నగర్ వెనక ఇంకొక టి.నగర్ ఉంది. అక్కడ పొద్దున ఆరున్నరకు వాకిలి ఊడుస్తున్న చీపురు చప్పుడు ఎదురింటికి వినిపిస్తుంది. సాయంత్రం పిల్లలు రోడ్డు మధ్యలోనే క్రికెట్టు ఆడుకుంటారు. మా వీధి అలాంటిది.

కొత్తవాళ్లు రాకూడదని మేం కోరుకుంటున్నామని ఆ సంస్థ ప్రతినిధి ఒకరు మాతో అన్నారు. అది సరికాదు. మా వీధిలో గత ముప్ఫై ఏళ్లలో పదకొండు ఇళ్లు పడగొట్టి మూడు, నాలుగు అంతస్తుల ఫ్లాట్లు కట్టారు. అప్పుడెవరూ సంతకాలు సేకరించలేదు. నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి చదువులకూ ఉద్యోగాలకూ వచ్చినవారికి మా ఇళ్లలోనే పోర్షన్లు అద్దెకిచ్చాం, వాళ్లలో కొందరు ఇక్కడే స్థిరపడ్డారు. ఈ నగరానికి ఇళ్లు కావాలన్నది మాకూ తెలుసు. అయితే కరపత్రంలోని ధర చూస్తే, అద్దె ఇల్లు దొరక్క తాంబరం అవతలి నుంచి రోజూ రైల్లో వచ్చే గుమాస్తా కోసం ఈ ఫ్లాట్లు కడుతున్నారని ఎవరూ అనుకోరు. మా అభ్యంతరం వచ్చేవారి మీద కాదు. ఈ వీధి మోయగలిగినదానికీ దానిమీద మోపబోతున్నదానికీ ఉన్న తేడా మీద. ఆ తేడాను ఎవరూ లెక్కవేయలేదు, లెక్కవేయవలసిన పని కూడా ఎవరికీ అప్పగించలేదు.

ముందుగా నేల సంగతి. టి.నగర్ ఒకప్పుడు చెరువు. నుంగంబాకం నుంచి సైదాపేట వైపు సాగిన ఆ పెద్ద చెరువులో మాంబళం వైపు భాగాన్ని 1920ల్లో ఎండగట్టి, 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చిన కొత్తలో ఈ పేటను గీతలు గీసి మరీ వేశారు. పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు పేటకు పెట్టారు, కాళహస్తిలో పుట్టి మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా (నేటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న పానగల్ రాజా పేరు నడిమి పార్కుకు పెట్టారు. ఇద్దరూ తెలుగువారేనని మా పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. చెరువు పొట్ట మీద ఇల్లు కట్టుకున్న మేము చెరువుల గురించి ఇతరులకు నీతులు చెప్పే స్థితిలో లేమని ఒప్పుకుంటాం. కానీ ఆనాడు వేసినవారు ఒక పద్ధతి పాటించారు: పెద్ద స్థలాలు, ఇంటి చుట్టూ తోట, మధ్యమధ్య పార్కులు, వాన నీళ్లు పోవడానికి నందనం దగ్గర అడయారులో కలిసే మాంబళం కాలువ. చెరువు పోయినా నీరు ఇంకడానికి మట్టి మిగిలింది. ఈ మూడు బంగళాల తోటలు మా వీధిలో మిగిలిన ఆ మట్టిలో చివరి ముక్క.

ఆ ముక్క ఎందుకు అవసరమో, అందరి తరఫునా ఈ లేఖ రాస్తున్న నా ఇంటి గుమ్మం చూస్తే తెలుస్తుంది. మా మామగారు ఇల్లు కట్టించినప్పుడు వీధిలో నుంచి మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లమట. పాత రోడ్డును చెక్కకుండా దాని మీదే మళ్లీ మళ్లీ తారు పోయడంతో మెట్లు ఒక్కొక్కటే భూమిలోకి పోయాయి. ఇప్పుడు వీధిలో నుంచి వాకిట్లోకి ఒక మెట్టు దిగుతున్నాం. గుమ్మం పక్క గోడ మీద రెండు గీతలున్నాయి. పైది 2015 డిసెంబరులో నీళ్లు వచ్చినప్పుడు మామగారు బొగ్గుతో గీసింది. దానికి నాలుగు వేళ్ల కింద ఉన్నది 2021 నవంబరులో మా అమ్మాయి నీలిరంగు క్రేయాన్‌తో గీసింది. 2015లో ఊరంతా మునిగింది, అడయారు పొంగింది; అది మహావిపత్తు అనుకున్నాం. 2021లో నది పొంగకపోయినా, కురిసిన వాన పోవడానికి దారిలేక జి.ఎన్.చెట్టి రోడ్డూ చుట్టుపక్కల వీధులూ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అంత చిన్న కారణానికి నీళ్లు దాదాపు అదే ఎత్తుకు ఎందుకు వచ్చాయో ఎవరైనా మాకు చెప్పాలి. అప్పుడు ఆ మూడు తోటలూ ఇంకా ఉన్నాయి. వాటి స్థానంలో అంచు నుంచి అంచు దాకా కాంక్రీటు పరిస్తే మూడో గీత ఎక్కడ పడుతుందో ఊహించుకోలేకుండా ఉన్నాం.

రెండు బేస్‌మెంట్ల మాట మమ్మల్ని ఇంకా భయపెడుతోంది. చెరువు అడుగున అంత లోతు తవ్వితే నీళ్లు ఊరకుండా ఉండవు. పని అయ్యేదాకా రాత్రింబవళ్లు మోటార్లతో తోడి కాలువలో పోస్తూనే ఉండాలి. రెండు వీధుల అవతల ఒక చిన్న బేస్‌మెంటు తవ్వినప్పుడు పక్కింటి ప్రహరీ గోడ పగిలి, వాళ్ల బావిలో నీళ్లు ఆరు ఒరలు దిగిపోయాయి. మా పెరట్లోనూ అలాంటి బావి ఉంది. 2003లో వాన నీటి సేకరణను రాష్ట్రమంతటా తప్పనిసరి చేసినప్పుడు డాబా మీది గొట్టాలన్నిటినీ దానిలోకే తిప్పించాం. 2019 జూన్‌లో కుళాయి రాక, లారీ దొరకక ఊరు అల్లాడుతుంటే, ఆ బావి అడుగున మిగిలిన నీళ్లు వీధిలో ఏడిళ్లకు వంతులవారీగా సరిపోయాయి. చేదకు బకెట్టులో మూడో వంతే వచ్చేది, అయినా వచ్చేది.

నీటి లెక్కకు ఇంజినీరు అక్కరలేదు. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. 96 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు దాదాపు 52 వేల లీటర్లు. నగర నీటి సరఫరా సంస్థ మెట్రోవాటర్ గొట్టంలో ఇప్పుడే ఉదయం గంటన్నర సన్నటి ధార తప్ప రాని వీధిలో ఇంత నీరు ఎక్కడి నుంచి వస్తుందంటే, లారీలో వస్తుంది. పన్నెండు వేల లీటర్ల లారీలు రోజుకు నాలుగైదు, ఏడాది పొడవునా. ఈ నగరం దాహం ఎంత దూరం పాకిందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 1983లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాక, 1996లో తొలిసారి కృష్ణా నీళ్లు పూండి జలాశయం చేరాయి. నెల్లూరు జిల్లా కండలేరు నుంచి రాష్ట్ర సరిహద్దు దాకానే ఆ కాలువ 152 కిలోమీటర్లు. ఏటా రావలసిన 12 టీఎంసీల కోసం ఇక్కడివాళ్లు ఎదురుచూడటం, అక్కడి మా బంధువులు తమ పొలాలు ఎండుతున్నాయని వాపోవడం, రెండూ మా ఇళ్లలో ఒకే ఫోనులో వింటుంటాం. 2019 జూలైలో జోలార్‌పేట నుంచి యాభై వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్లు మోసుకొచ్చి విల్లివాక్కంలో దింపింది. అంత కష్టపడి తెచ్చుకున్న నీటిని పంచేటప్పుడు, ఏ వీధి గొట్టానికి ఎంత శక్తి ఉందో చూసి కదా కొత్త కనెక్షన్లకు మాటివ్వాలి?

మురుగునీటి సంగతి ఎక్కువ చెప్పను. బంగళాల కాలంలో వేసిన గొట్టమే ఇప్పటికీ ఉంది, వానాకాలంలో మ్యాన్‌హోలు మూత దానంతటదే లేస్తుంది.

ఇక రోడ్డు. ఈ దరఖాస్తు భవితవ్యం నిజానికి దీనిమీదే ఆధారపడి ఉందని మా నమ్మకం. 2019 నాటి తమిళనాడు సమీకృత అభివృద్ధి, భవన నిర్మాణ నియమాల ప్రకారం 18.30 మీటర్ల ఎత్తు దాటితే అది బహుళ అంతస్తుల భవనం. స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ మామూలు భవనానికి 2 అయితే, బహుళ అంతస్తుల భవనానికి 3.25 దాకా ఉంటుంది. అదనంగా రుసుము కడితే దానిమీద ప్రీమియం ఎఫ్‌ఎస్‌ఐ. ఇవన్నీ ఎంత మేరకు అన్నది రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది. ఈ బంగళాల స్థలానికి ఎఫ్‌ఎస్‌ఐ 2 అయితే 67,200 చదరపు అడుగులు, 3.25 అయితే 1,09,200. అంటే కాగితం మీద రోడ్డు వెడల్పు నాలుగడుగులు పెరిగితే చాలు, ఎన్నో ఫ్లాట్లు పుట్టుకొస్తాయి.

కరపత్రంలో మాది నలభై అడుగుల రోడ్డు. పోయిన ఆదివారం ఉదయం మేం ఐదుగురం మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన టేపుతో వీధి ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచాం. బంగళాల ముందు నిజంగానే నలభై అడుగులుంది, ఎందుకంటే పాత యజమానులు ఒకప్పుడు తమ ప్రహరీని వెనక్కి జరిపి కట్టుకున్నారు. వినాయకుడి గుడి మలుపు దగ్గర ముప్ఫై ఒక్క అడుగు. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఉన్నచోట, వాన నీటి కాలువ పలకలు వదిలేస్తే, ఇరవై ఆరు. ఫ్లాట్లలో ఉండబోయేవాళ్లు హెలికాప్టర్లో దిగరు, ఆ ఇరవై ఆరు అడుగుల మెడలో నుంచే వస్తారు. నిప్పు అంటుకుంటే ఫైరింజను వచ్చేదీ అదే దారి. గేటు ముందు ఎంతుందో కాక, పెద్దరోడ్డు నుంచి గేటు దాకా ఎక్కడ అతి ఇరుకుగా ఉందో అదే మా వీధి వెడల్పుగా లెక్కలోకి తీసుకోవాలని కోరుతున్నాం.

ఇదంతా చెప్పుకోవడానికి మాకు బహిరంగ లేఖ తప్ప వేరే చోటు లేకపోవడం బాధాకరం. 20,000 చదరపు మీటర్ల నిర్మాణ విస్తీర్ణం ఉంటేనే 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. ఎఫ్‌ఎస్‌ఐ 3.25 లెక్కన ఇది పది వేల పైచిలుకే, కాబట్టి ఆ గొడవే లేదు. ఒకవేళ దాటినా, అదే నోటిఫికేషన్ భవన నిర్మాణాలను ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. ఒక కార్యాలయానికి వెళ్లి నక్షా చూపించమని అడిగితే, మీరు దరఖాస్తుదారులు కారు కదా అని మర్యాదగానే పంపించేశారు. గోడకు గోడ ఆనుకొని ఉన్నవాడికి నక్షాతో సంబంధం లేదనడం ఏ న్యాయమో మాకు అర్థం కాలేదు.

మా విన్నపాలు పెద్దవి కావు. అనుమతి తేలేలోగా నక్షాను స్థలం ముందు బోర్డు మీద తమిళంలో అందరికీ కనిపించేలా పెట్టించి, నెల రోజులు అభ్యంతరాలు స్వీకరించి, వాటికి రాతపూర్వకంగా జవాబిప్పించండి. మెట్రోవాటర్ నుంచి సాధారణ ధ్రువపత్రం కాకుండా, ఈ వీధి గొట్టం ఎంత మోయగలదో చెప్పే నివేదిక తెప్పించండి. పాత చెరువు పరిధిలో బేస్‌మెంటు తవ్వడానికి ముందు చుట్టుపక్కల బావుల నీటిమట్టం నమోదు చేయించి, పని సాగినంతకాలం చూసే ఏర్పాటు లేకపోతే రెండో బేస్‌మెంటును అసలు ఒప్పుకోవద్దు. 3,000 చదరపు మీటర్లు దాటిన స్థలంలో పదో వంతు ఖాళీ జాగాగా విడవాలని నియమం ఉంది; 10,000 లోపు స్థలాలకు దాని బదులు డబ్బు కట్టే వెసులుబాటు కూడా ఉంది. ఈ స్థలం 3,100 చదరపు మీటర్లకు కాస్త పైన. మాకు ఆ డబ్బు వద్దు, గ్రౌండున్నర లోపే వచ్చే ఆ జాగా మట్టిగానే మిగిలేలా చూడండి. పక్క ఫ్లాట్లలాగే నాలుగంతస్తులు కట్టుకుంటే మేమే వెళ్లి భూమిపూజలో కొబ్బరికాయ కొడతాం.

2008లో వచ్చిన రెండో మాస్టర్ ప్లాను 2026 దాకానే కనుక మూడోదాని పని ఎలాగూ మీ ముందుంది. ప్లాటును బట్టి కాక వీధిని బట్టి ఎత్తు నిర్ణయించే పద్ధతిని అందులో పెట్టే అవకాశం మీ చేతుల్లో ఉంది.

ఈశాన్య రుతుపవనం మొదలయ్యేలోగా మీరు గానీ, మీరు నియమించిన అధికారి గానీ ఒకసారి మా వీధికి రావాలని ప్రార్థిస్తున్నాం. ఉదయం ఏడు గంటల లోపు వస్తే కార్లు అడ్డం లేకుండా కొలవడం సులువు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మాలో ఎవరో ఒకరు వాకిట్లో ఉంటారు.

ఇట్లు,
భవదీయులు,
వీధి నివాసుల తరఫున,
త్యాగరాయనగర్, చెన్నై.