పరీక్షల విభాగం కంప్యూటర్లు, పోయిన మెయిళ్లు: నిర్వహణ సంస్థకు ఫిర్యాదు

తేదీ: 24 నవంబర్ 2025

జనరల్ మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీస్ విభాగం.

విషయం: ఆఫీసు మెయిళ్లు పోవడం, పనివేళల్లో కంప్యూటర్లు రీస్టార్ట్ కావడం, మీ సర్వీస్ రిపోర్టులో కారణం తప్పుగా రాయడం గురించి.

అయ్యా,

మా విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో నేను సూపరింటెండెంట్‌ని. మా సెక్షన్‌లోని 9 కంప్యూటర్లు, ఆఫీసు ఈమెయిల్ మీ సంస్థ వార్షిక నిర్వహణ కాంట్రాక్టులో ఉన్నాయి. కంట్రోలర్ గారికి చెప్పి, వారి అనుమతితోనే ఈ లేఖ రాస్తున్నాను.

నవంబర్ 18న మీరిచ్చిన సర్వీస్ రిపోర్టులో, పాత మెయిళ్లను వాడుతున్నవాళ్లే డిలీట్ చేసినట్లు కనిపిస్తోందని రాశారు. ఆ ఒక్క వాక్యం ఆధారంగా 20వ తేదీన మా సీనియర్ అసిస్టెంట్‌కి మెమో వచ్చింది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆవిడ వచ్చే మార్చిలో రిటైర్ అవుతున్నారు. ముప్పై ఏళ్లు దాటిన సర్వీసులో ఆవిడకి ఇదే మొదటి మెమో. ఆవిడ ఆ మెయిళ్లు డిలీట్ చేయలేదు. నాలుగు రోజులు కూర్చుని, సెట్టింగులు ఒక్కొక్కటీ తెరిచి చూసి, మీ ఇంజినీరును కూడా అడిగి ఈ మాట అంటున్నాను.

నవంబర్ 8 రెండో శనివారం, మాకు సెలవు. ఆ రోజు మీ ఇంజినీరు వచ్చి, మా అటెండర్ చేత గది తాళం తీయించుకుని, ఆవిడ వాడే కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసి విండోస్ 11 వేశారు. వస్తున్నట్టు ముందుగా మా సెక్షన్‌కి ఒక ఫోన్ కూడా లేదు. సోమవారం ఉదయం ఆవిడ మెయిళ్లు చూసే ప్రోగ్రాం అవుట్‌లుక్ తెరిస్తే అక్టోబర్ 24 కంటే వెనకటి మెయిల్ ఒక్కటీ లేదు. పంపిన మెయిళ్ల ఫోల్డర్ పూర్తిగా ఖాళీ. రెండేళ్ల నాలుగు నెలల ఉత్తరప్రత్యుత్తరాలు పోయాయి.

ఎందుకు పోయాయో చెబుతాను. 2023 జులైలో ఆ కంప్యూటర్‌లో మెయిల్ పెట్టింది మీ సంస్థే. అప్పుడు ఐమ్యాప్ పద్ధతి కాకుండా పాప్ పద్ధతి పెట్టారు. ఐమ్యాప్ అయితే మెయిళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, ఏ కంప్యూటర్ నుంచి చూసినా అవే కనిపిస్తాయి. పాప్‌లో మెయిల్ కంప్యూటర్‌లోకి దిగిపోతుంది. సర్వర్‌లో కాపీ ఎన్ని రోజులు ఉంచాలో మనం చెప్పాలి. అవుట్‌లుక్ తనంతట తాను పెట్టుకునే గడువు 14 రోజులు. దాన్ని ఎవరూ మార్చలేదు. అంటే మాకు వచ్చిన ప్రతి మెయిలూ 14 రోజుల తర్వాత సర్వర్ నుంచి పోయి ఆ ఒక్క కంప్యూటర్‌లోని ఒక్క ఫైల్లోనే మిగిలేది. మేం పంపినవైతే మొదటి నుంచీ ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ ఫైలు సీ డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డర్ కింద ఉంటుంది. మీ ఇంజినీరు డెస్క్‌టాప్ మీదున్నవి, డీ డ్రైవ్‌లో ఉన్నవి దాచి, సీ డ్రైవ్‌ని తుడిచేశారు. ఆ కంప్యూటర్ చివరిగా వాడిన శుక్రవారం, నవంబర్ 7 నుంచి వెనక్కి 14 రోజులు లెక్కపెట్టి చూడండి, సరిగ్గా మెయిళ్లు ఆగిపోయిన చోటికే వస్తుంది. ఒక మనిషి కూర్చుని డిలీట్ చేస్తే లెక్క ఇలా కుదరదు.

ఇంకో మాట. ఫైళ్లు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడ ఉంచి విండోస్ 10 నుంచి విండోస్ 11కి మారే పద్ధతి ఉంది. ఆ కంప్యూటర్ 2019లో కొన్నది, విండోస్ 11కి కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అందులో ఉంది. అలాంటప్పుడు ఫార్మాట్ ఎందుకు చేయాల్సి వచ్చింది? మీ ఇంజినీరును అడిగితే ఆ రోజు ఇంకా మూడు ఆఫీసులు తిరగాలన్నారు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. ఒక్క మనిషికి అన్ని ఆఫీసులు అప్పగించి, చేతిలో ఒక చెక్‌లిస్టు కూడా పెట్టకుండా పంపింది మీరు.

ఆ మెయిళ్లు ఏమిటో మీకు తెలియాలి. మా దగ్గర చదివిన పిల్లలు విదేశాలకు వెళ్లినా, ఉద్యోగంలో చేరినా, ఆ విశ్వవిద్యాలయమో కంపెనీ తరఫున వెరిఫికేషన్ చేసే సంస్థో మాకు మెయిల్ పెట్టి, ఈ హాల్ టికెట్ నంబరు మీద ఈ సర్టిఫికెట్ మీరు ఇచ్చిందేనా అని అడుగుతుంది. మేం రిజిస్టర్ చూసి జవాబిస్తాం. ఆ జవాబు కాపీయే మాకు రుజువు. రేపు ఎవరైనా మా పేరుతో దొంగ జవాబు సృష్టిస్తే, అది మాది కాదని చూపించడానికి ఇప్పుడు మా దగ్గర ఏమీ లేదు.

నవంబర్ 11న ఒక తండ్రి వచ్చారు. కూతురికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది, జనవరిలో తరగతులు. మేం సెప్టెంబర్‌లో పంపిన వెరిఫికేషన్ అందలేదని అక్కడివాళ్లు అంటున్నారట. పంపిన కాపీ ఇస్తే అదే చూపించుకుంటానన్నారు. పంపిన మాట మా డిస్పాచ్ రిజిస్టర్‌లో ఉంది, మెయిల్ మాత్రం లేదు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. రిజిస్టర్ పేజీకి ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. మేం అదే రోజు మళ్లీ పంపాం, అది వాళ్ల స్పామ్‌లో పడిందని మర్నాడు తెలిసింది. సెప్టెంబర్‌లో పంపిందీ అక్కడే పడి ఉంటుందని నా అనుమానం. మా డొమైన్‌కి, అంటే మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరుకి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు సరిగ్గా లేవని మీ ఇంజినీరే చెప్పారు. ఈ రెండూ మెయిల్ నిజంగా మా దగ్గర నుంచే వచ్చిందని అవతలివాళ్లకు చెప్పే గుర్తులు. కనీసం ఒక్కటైనా ఉండాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవాళ్లందరికీ షరతు పెట్టింది. అప్పటి నుంచి ఇరవై ఒక్క నెలలైంది. మెయిల్ నిర్వహణ పేరుతో మీరు బిల్లు తీసుకుంటున్నారు కాబట్టి ఇది మేం వెతికి కనిపెట్టాల్సిన విషయం కాదు.

ఇక నవంబర్ 12. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు విడుదల చేస్తుంది. అమెరికాలో మంగళవారం పొద్దున అంటే మనకు మంగళవారం రాత్రి. కాబట్టి దాని ప్రభావం మనకు బుధవారం పొద్దున, ఆఫీసు తెరిచాక కనిపిస్తుంది. ఆ బుధవారం సప్లిమెంటరీ ఇంటర్నల్ మార్కులు ఎక్కించడానికి ఆఖరి రోజు. 11 గంటలకు కొద్దిగా ముందు నాలుగు కంప్యూటర్ల మీద ఒకేసారి 15 నిమిషాల్లో రీస్టార్ట్ అవుతుందని వచ్చింది. వాయిదా వేసే బటన్ లేదు. రెండు కాలేజీల మార్కులు సగంలో ఉన్నాయి. చేతనైనంత సేవ్ చేశాం, మిగిలింది పోయింది. మళ్లీ పని మొదలయ్యేసరికి నలభై నిమిషాలు దాటింది. కౌంటర్ దగ్గర అప్పటికే పెద్ద క్యూ ఉంది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం రాత్రంతా బస్సులో వచ్చిన ఒక అబ్బాయి మధ్యాహ్నం ఇంటర్వ్యూ ఉందని గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ పూట మా వాళ్లు పడ్డ టెన్షన్ నేను దగ్గరుండి చూశాను. ఇద్దరు రాత్రి 8 దాకా ఉండి మార్కులు పూర్తిచేశారు.

రీస్టార్ట్ కాకుండా పనివేళలు పెట్టుకునే వీలు విండోస్‌లోనే ఉంది, 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. మా కంప్యూటర్లలో పెట్టే ఉంది. కానీ మీ సంస్థ అన్ని కంప్యూటర్లకూ కలిపి ఇచ్చిన పాలసీలో అప్‌డేట్ గడువు సున్నా రోజులు, ఆ తర్వాత ఇచ్చే వెసులుబాటు కూడా సున్నా రోజులు. గడువు దాటాక విండోస్ పనివేళల్ని లెక్కచేయదు. ల్యాబ్‌లో విద్యార్థులు వాడే కంప్యూటర్‌కి ఈ సెట్టింగ్ సరిపోవచ్చు. ఫలితాలు, మార్కులు నడిచే ఆఫీసుకీ అదే పెడితే ఎలా?

అప్‌డేట్లు వద్దని నేను అనడం లేదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై వైరస్ వచ్చినప్పుడు దాన్ని అడ్డుకునే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదలైంది. వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతా దెబ్బతిన్నాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అందులో ఉన్నాయి. అదే సమయంలో, అన్నింటికీ ఒకేసారి వేస్తే ఏమవుతుందో 2024 జులై 19న చూశాం. కంప్యూటర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మా సెక్షన్‌లో ముందు ఒక కంప్యూటర్‌కి వేసి, రెండు రోజులు చూసి, మిగతావాటికి సాయంత్రం 6 తర్వాత వేస్తే మీకు అదనంగా పడే శ్రమ చాలా తక్కువ.

పాతవి 4 కంప్యూటర్లున్నాయి, వాటికి విండోస్ 11 ఎక్కదు. అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది కాబట్టి కొత్తవి కొనాల్సిందేనని మీరు కొటేషన్ పంపారు. విద్యాసంస్థలకు పొడిగించిన భద్రతా అప్‌డేట్లు మొదటి ఏడాది కంప్యూటర్‌కి ఒక డాలర్, రెండో ఏడాది రెండు, మూడో ఏడాది నాలుగు డాలర్లకే మైక్రోసాఫ్ట్ ఇస్తోంది. ఆ సంగతి మీ కొటేషన్‌లో ఎక్కడా లేదు. ప్రభుత్వ నిధులతో, పిల్లల ఫీజులతో నడిచే చోటు ఇది. మీరు చెప్పి ఉండాల్సింది.

ఫార్మాట్ చేసిన కంప్యూటర్‌లో గౌతమి ఫాంట్ కూడా పోయింది. అది విండోస్‌తో పాటు దానంతటది రాదు, తెలుగు అదనపు ఫాంట్లను విడిగా ఎక్కించాలి. 10వ తేదీ పొద్దున, అది లేక పాత తెలుగు ప్రొసీడింగ్స్ తెరిస్తే వేరే అక్షరాల్లో కనిపిస్తూ, పేజీలు జరిగిపోయి, సంతకం చోటు ఇంకో పేజీలోకి వెళ్లింది. చిన్న పనే, కానీ రెండు వారాలుగా మీ ఫిర్యాదుల జాబితాలో అలాగే ఉంది.

నేను కోరేది ముందుగా ఆ రిపోర్టు గురించి. మెయిళ్లు పోవడానికి కారణం 2023లో పెట్టిన పాప్ సెట్టింగ్, నవంబర్ 8న బ్యాకప్ తీసుకోకుండా చేసిన ఫార్మాట్ అని, ఇందులో మా సిబ్బంది తప్పు లేదని రాసి, మీ సంతకంతో సవరించిన రిపోర్టు ఇవ్వండి. ఆ కంప్యూటర్‌ని 10వ తేదీ మధ్యాహ్నం నుంచి ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టించాను. అందులో ఉన్నది హార్డ్ డిస్కే కాబట్టి, దాని మీద కొత్తగా ఏమీ రాయకపోతే కొంతైనా తిరిగి వచ్చే అవకాశం ఉంది. డేటా రికవరీ తెలిసినవాళ్ల చేత మీ ఖర్చుతో ప్రయత్నించండి. డిస్క్ బయటికి వెళ్లేటప్పుడు మా మనిషి వెంట ఉంటారు, అందులో విద్యార్థుల వివరాలున్నాయి.

మెయిల్‌ని అన్ని కంప్యూటర్లలో ఐమ్యాప్‌కి మార్చి, పంపినవి కూడా సర్వర్‌లో ఉండేలా చూడండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఈ వారంలోనే సరిచేయండి, అమెరికా సీటు వచ్చిన ఆ అమ్మాయి వెరిఫికేషన్ జవాబు ఇంకా అటూ ఇటూ తిరుగుతోంది. పరీక్షలు, ఫలితాల తేదీలు మేం ప్రతి నెలా మొదటి తారీఖున పంపుతాం. వాటిని చూసుకుని అప్‌డేట్ గడువు పెట్టండి. ఇకపై మా ఎదురుగా బ్యాకప్ తీసి, తెరిచి చూపించి, మా సంతకం తీసుకున్నాకే ఏ కంప్యూటర్‌నైనా ఫార్మాట్ చేయాలి.

మిగతావాటికి రెండు వారాలు తీసుకోండి. సవరించిన రిపోర్టు మాత్రం 26వ తేదీ బుధవారం సాయంత్రంలోగా మాకు అందాలి. మా సీనియర్ అసిస్టెంట్ గురువారం సంజాయిషీతో పాటు దాన్ని జతచేయాలి.

ఇట్లు,
సూపరింటెండెంట్,
పరీక్షల విభాగం.

జతపరిచినవి: నవంబర్ 18 నాటి సర్వీస్ రిపోర్టు, మెయిల్ సెట్టింగుల స్క్రీన్‌షాట్లు, అప్‌డేట్ పాలసీ స్క్రీన్‌షాట్, డిస్పాచ్ రిజిస్టర్ పేజీ నకలు.