రూటరు మార్చాక వైఫై అందని పాత గేమ్ కన్సోలు: పరిష్కరించకుండానే మూసేసిన ఫిర్యాదుపై లేఖ

తిరుపతి,
18-08-2025.

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

అయ్యా,

నేను తిరుపతి బైరాగిపట్టెడలో నివసిస్తూ ఆరేళ్లుగా మీ సంస్థ ఫైబర్ ఇంటర్నెట్ వాడుకుంటున్న చందాదారుణ్ణి. మీ సిబ్బంది మా ఇంట్లో కొత్త రూటరు పెట్టిన నాటి నుంచి మా పిల్లల పాత గేమ్ కన్సోలు వైఫైకి కలవడం లేదని నేను ఇచ్చిన ఫిర్యాదును ఈ నెల 9వ తేదీన మూడోసారి మూసేశారు. ‘మీ సమస్య పరిష్కారమైనది’ అని నా ఫోనుకు సందేశం వచ్చిన సమయానికి మా ఇంటికి ఎవరూ రాలేదు, నాకు ఎవరూ ఫోను చేయలేదు, రూటరులో ఒక్క అమరికా మారలేదు. కస్టమర్ కేర్‌కు ఫోను చేసిన ప్రతిసారీ కథను మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తున్నందున, మొత్తం సంగతిని ఒకేచోట రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ముందుగా ఆ పరికరం గురించి చెప్పాలి. మీ సిబ్బంది దాన్ని ఒకసారి ‘వీడియో గేమ్’ అనీ, ఒకసారి ‘ట్యాబ్’ అనీ రాసుకున్నారు. అది నింటెండో 3డీఎస్ అనే, చేతిలో పట్టుకుని ఆడుకునే కన్సోలు. 2011 మార్చి 27న అమెరికాలో విడుదలైన రకం. డల్లాస్‌లో ఉండే మా బావమరిది 2013 సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మాయికి తెచ్చి ఇచ్చాడు. దానిలోని వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, అంటే ఆ రేడియో తరంగాల శ్రేణిలో మాత్రమే, అందులోనూ 802.11 అనే వైఫై సాంకేతిక ప్రమాణాల్లో బి, జి అనే రెండింటితో మాత్రమే పనిచేస్తుంది. భద్రత విషయంలో మాత్రం అది వైఫైకి పాస్‌వర్డుతో వేసే డబ్ల్యూపీఏ2 అనే తాళాన్ని, సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే ఏఈఎస్ పద్ధతిని చక్కగా అర్థం చేసుకుంటుంది. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, 2004లో వచ్చిన దీని ముందు తరం డీఎస్‌కు డబ్ల్యూఈపీ అనే పాత తాళం తప్ప మరొకటి తెలియదు, ఆ తాళాన్ని పగలగొట్టడం ఎంత తేలికో 2001 నుంచే లోకానికి తెలుసు. నేను మిమ్మల్ని అలాంటి బలహీనమైన తాళం వేయమని ఏనాడూ అడగలేదు. నేను అడిగేది నేటికీ లెక్కలేనన్ని ఇళ్లలో నడుస్తున్న డబ్ల్యూపీఏ2.

పన్నెండేళ్ల నాటి ఆటబొమ్మ కోసం ఇంత పెద్ద లేఖా అని మీకు అనిపించవచ్చు. మీ కస్టమర్ కేర్ ఉద్యోగి ఒకరు ఆ మాట దాదాపుగా అననే అన్నారు. అయితే గత మే నెలలో ఆ కన్సోలులోని మెమరీ కార్డు పాడైపోయింది. మా అమ్మాయి పుట్టినరోజులకూ పండగలకూ మేనమామ పంపిన గిఫ్ట్ కార్డులతో ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కొనుక్కున్న 14 ఆటలు అందులోనే ఉండేవి. ఎంతవరకు ఆడిందో ఆ నమోదులు కూడా కార్డుతోపాటే పోయాయి, వాటికి ఎవరూ చేయగలిగింది లేదు. ఆటలు మాత్రం పోలేదు. అవి ఆ కన్సోలు పేరున, ఆమె ఖాతా పేరున కొన్నవి కాబట్టి, 32 గిగాబైట్ల కొత్త కార్డు వేసి ఇంటర్నెట్‌కు కలిపితే కంపెనీ ఆన్‌లైన్ దుకాణం నుంచి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అమ్మాయి ఇప్పుడు వేలూరులో చదువుకుంటోంది. ఎనిమిదో తరగతిలో ఉన్న తమ్ముడికి కన్సోలును అప్పగించి, ‘నా ఆటలన్నీ నీవే’ అని మాటిచ్చి వెళ్లింది.

ఆ దుకాణంలో కొత్తగా కొనడం 2023 మార్చి 27తోనే ఆగిపోయింది. ఇతరులతో ఆన్‌లైన్‌లో కలిసి ఆడే సేవలను 2024 ఏప్రిల్ 8న ఆపేశారు. మాకు పనికొచ్చేదల్లా, ఇదివరకే కొన్నవాటిని మళ్లీ దించుకునే వీలు మాత్రం మిగిలింది, దానికి గడువు తేదీ ఏదీ ప్రకటించలేదు. అంటే ఆ వీలు వచ్చే ఏడాదీ ఉండవచ్చు, ఒక ప్రకటనతో ముగిసిపోనూవచ్చు. ఆ తరువాత ఎంత డబ్బు పెట్టినా ఆ ఖాతాలోని ఆటలు తిరిగి రావు. మీరు ఫిర్యాదు మూసేసి గడిపించే ప్రతి వారమూ ఆ మిగిలిన గడువులోంచే పోతోంది.

ఇక రూటరు సంగతి. 2019లో మీరే ఇచ్చిన పాత రూటరు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్న చిన్న పెట్టె, దానితో ఈ కన్సోలు ఆరేళ్లపాటు ఏ పేచీ లేకుండా కలిసింది. ఈ ఏడాది జూన్ 14న నేను 200 ఎంబీపీఎస్ ప్లానుకు మారినప్పుడు మీ సిబ్బంది రెండు బ్యాండ్ల కొత్త రూటరు బిగించి, పాతదాన్ని తీసుకువెళ్లారు. కొత్త రూటరు వేగం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు, టీవీ, ల్యాప్‌టాప్ ఇంతకుముందు కంటే బాగా నడుస్తున్నాయి. కానీ ఫోనులో వైఫై వివరాలు చూపే యాప్ వేసి చూస్తే, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ‘ఎన్, ఏఎక్స్ మాత్రమే’ (రెండూ జి తరువాత వచ్చిన ప్రమాణాలు) అనే పద్ధతిలోనూ, భద్రతను ‘డబ్ల్యూపీఏ3 మాత్రమే’ అనే పద్ధతిలోనూ పెట్టి ఉంచారని తెలిసింది. 802.11 జి ప్రమాణం 2003లో వచ్చింది, ఎన్ 2009లో వచ్చింది. డబ్ల్యూపీఏ3 సంగతి సరేసరి, అది వచ్చిందే 2018లో. 2011లో తయారైన పరికరానికి 2018 నాటి తాళం తెలియకపోవడం ఆ పరికరం లోపం ఎలా అవుతుంది? మీరిచ్చిన ఆ రూటరుకే పాత ప్రమాణాలనూ కొత్తవాటినీ కలిపి నడిపే మిశ్రమ పద్ధతి ఉంది, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండింటినీ ఒకే పేరు మీద అంగీకరించే వీలూ ఉంది. వాటిని మీరే నొక్కిపెట్టారు. 1944లో ఘాట్ రోడ్డు వేసినప్పుడు అలిపిరి మెట్లదారికి ఎవరూ గోడ కట్టలేదు కదా.

ఇది నా ఊహ కాదని చెప్పడానికి జూలై 5వ తేదీ సాయంత్రం జరిగిందే సాక్ష్యం. ఆ రోజు వచ్చిన మీ టెక్నీషియన్ కుర్రాడు నా మాట పూర్తిగా విని, తన ఫోనులోంచి రూటరు పేజీ తెరిచి, నా కళ్ల ముందే 2.4 బ్యాండ్‌ను మిశ్రమ పద్ధతికి, భద్రతను రెండూ కలిసిన పద్ధతికి మార్చాడు. ఒక్కో బ్యాండ్‌లో ఛానళ్లనే చిన్న భాగాలు ఉంటాయి, అప్పటిదాకా 13వ ఛానల్‌లో ఉన్నదాన్ని 6కు తెచ్చాడు. మన దేశంలో 13వ ఛానల్ వరకు వాడుకోవచ్చు గానీ, అమెరికాలో అమ్మే వైఫై పరికరాలు సాధారణంగా 11 దాకానే వింటాయి కాబట్టి అదీ ఒక అడ్డంకి కావచ్చని అతనికే తట్టింది. రూటరు ఆగి మళ్లీ వెలిగిన రెండు నిమిషాలకు కన్సోలులో మా వైఫై పేరు కనిపించింది, పాస్‌వర్డు కొడితే మొదటిసారికే కలిసింది. ఆ రాత్రి ఒక ఆట పూర్తిగా దిగింది, రెండోది సగానికి పైగా దిగింది. మా వాడు దాన్ని ఛార్జరుకు పెట్టి పడుకున్నాడు.

తెల్లవారి చూస్తే డౌన్‌లోడ్ ఆగిపోయి ఉంది, రూటరు మళ్లీ పాత పద్ధతిలోకే వచ్చేసింది. టెక్నీషియన్‌కు ఫోను చేస్తే, ‘నైట్ హెడ్డాఫీసు నుంచే అన్ని రూటర్లకూ సెట్టింగ్స్ పంపిస్తారు సార్, నేను మార్చింది పోయుంటుంది, నా చేతిలో ఏం లేదు సార్’ అన్నాడు. రూటరు మా ఇంటి గోడకు ఉన్నా, దాని అమరికలను దూరం నుంచి మీరే ప్రతి రాత్రీ తిరగరాస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది. ఈ లేఖ కారణంగా ఆ కుర్రాడి మీద ఏ చర్యా తీసుకోవద్దని మనవి. ఈ రెండు నెలల్లో నా సమస్యను చూసి అర్థం చేసుకున్నది మీ సంస్థలో అతనొక్కడే.

కస్టమర్ కేర్ నుంచి వచ్చిన సమాధానాలు వేరేగా ఉన్నాయి. ఒకరు ‘మీ డివైస్ 5జీ సపోర్ట్ చేయదు సార్, కొత్తది కొనుక్కోండి’ అన్నారు. 5 గిగాహెర్ట్జ్ వైఫైకీ, మొబైల్ ఫోన్ల 5జీకీ సంబంధం లేదని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఇంకొకరు యూఎస్‌బీ డాంగిల్ (వైఫై అందుకునే చిన్న ముక్క) పెట్టుకోమన్నారు, దాన్ని పెట్టే చోటే ఈ కన్సోలుకు లేదు. మరొకరు వైఫైకి పాస్‌వర్డు తీసేసి చూడమన్నారు. మా వీధిలో రెండు హాస్టళ్లు ఉన్నాయి. నా పేరు మీద ఉన్న కనెక్షన్‌ను దారినపోయే వారికల్లా తెరిచిపెట్టమని చందాదారుకు సలహా ఇవ్వడం మీ శిక్షణలో భాగమేనా అని మాత్రం అడగదలిచాను.

ఫోన్ హాట్‌స్పాట్ వాడుకోమని చెప్పినవారూ ఉన్నారు. అదీ చేసి చూశాను. హాట్‌స్పాట్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కు, డబ్ల్యూపీఏ2కు మార్చగానే కన్సోలు ఇబ్బంది లేకుండా కలిసింది. దాని వైఫై భాగం దెబ్బతినలేదనడానికి ఇది రెండో రుజువు. కానీ నా ఫోనుకు రోజుకు 2 గిగాబైట్లే పరిమితి, పెద్ద ఆట ఒక్కటి దాన్ని మించిపోతుంది, పైగా ఫోను పగలంతా నాతో ఆఫీసులో ఉంటుంది. నెల నెలా మీకు బిల్లు కట్టి ఇంట్లో ఫైబర్ పెట్టుకున్నది, ఫోన్ డేటాతో ఆటలు దించుకోవడానికి కాదు.

మీ సూపర్‌వైజరు గారు చెప్పిన అభ్యంతరం ఒక్కటే ఆలోచించదగినది. పాత ప్రమాణాల పరికరం కలిసినప్పుడు ఆ బ్యాండ్‌లోని మిగతా పరికరాల వేగం కొంత తగ్గుతుందని ఆయన అన్నారు. అది నిజమే, కాదనను. అయితే ఆ ప్రభావం 2.4 బ్యాండ్‌కే పరిమితం, మా టీవీ, ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉన్నాయి. ఆ కొద్దిపాటి నష్టం మా ఇంట్లోదే, దాన్ని భరించడానికి మేము సిద్ధం. వద్దనవలసింది మేము కదా, మీరెందుకు?

కాబట్టి నా కోరిక ఇది. జూలై 5న మీ టెక్నీషియన్ చేసిన మార్పులనే మళ్లీ చేసి, రాత్రిపూట దూరం నుంచి అవి చెరిగిపోకుండా మా కనెక్షన్‌కు మినహాయింపు ఇవ్వండి. అది మీ విధానానికి ఒప్పుకోకపోతే, రూటరు అడ్మిన్ పాస్‌వర్డు నాకు ఇచ్చి అమరికలను నాకే వదిలేయండి. అదీ కుదరదంటే, మీ పెట్టెను బ్రిడ్జ్ పద్ధతిలో, అంటే రూటరు పని మానేసి ఇంటర్నెట్‌ను మాత్రం దాటించేలా పెట్టి, లాగిన్ వివరాలు ఇస్తే, నేను నా ఖర్చుతో మరో రూటరు కొని దాని వెనుక పెట్టుకుంటాను. మూడింటిలో ఏది చేసినా నాకు సమ్మతమే. ఏది చేసినా దానికి ‘విజిట్ ఛార్జి’ వేయవద్దు, అమరికలు మార్చింది మీరు. మూడుసార్లు అబద్ధంగా మూసిన ఫిర్యాదులను మీ రికార్డులో ‘పరిష్కారం కాలేదు’ అని సరిచేయించండి. పనిలో పనిగా, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా అయినా మీ బిల్లులో మా చిరునామా ఇంకా చిత్తూరు జిల్లాగానే ఉంది. రెండోసారి ఫిర్యాదు చిత్తూరు కేంద్రానికి వెళ్లి అక్కడే మూతపడడానికి ఇదే కారణమని నా అనుమానం, దాన్నీ సరిచేయగలరు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా పని జరగకపోతే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం మీ సంస్థలోని అప్పిలేట్ అథారిటీకి, అంటే అప్పీళ్లు వినే అధికారికి అప్పీలు చేస్తాను. అక్కడా ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మూడు ఫిర్యాదుల నంబర్లు, మూసివేత సందేశాలు, జూలై 5 సాయంత్రమూ మరునాడు ఉదయమూ తీసిన తెర ఫోటోలు, గత రెండు నెలల బిల్లులు ఈ లేఖకు జతచేశాను.

మీ మనిషిని సోమవారం నుంచి శనివారం వరకు ఏ రోజైనా సాయంత్రం ఆరు తరువాత పంపవచ్చు, ఆ వేళకు నేనూ మా అబ్బాయీ ఇంట్లోనే ఉంటాము. వచ్చే ముందు ఒక ఫోను చేస్తే, కన్సోలును ఛార్జి చేసి సిద్ధంగా ఉంచుతాము.

ఇట్లు,
మీ చందాదారుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.