స్పానిష్ మాటల్ని మన అక్షరాల్లోనే వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో యూరప్ ప్రయాణాల గురించి రెండు పేజీలు వేశారు. వీసాకి ఏ కాగితాలు కావాలి, పెట్టెలో ఏం సర్దుకోవాలి, బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చికి టికెట్ ముందే తీసుకోవాలి, ఇవన్నీ వివరంగా ఉన్నాయి. అక్కడ దిగాక ఎవరితోనైనా మాట్లాడాలంటే ఏమనాలో మాత్రం ఒక్క ముక్క లేదు. నేను అడిగేది చిన్న విషయం. స్పెయిన్ గురించి రాసినప్పుడు పక్కనే ఓ పాతిక స్పానిష్ మాటలు కూడా వేయండి, అవి ఇంగ్లీషు అక్షరాల్లో కాకుండా తెలుగు అక్షరాల్లో వేయండి.

మా అబ్బాయికి బార్సిలోనాలో ఉద్యోగం. నిరుడు నేనూ మా వారూ వెళ్లి రెండు నెలలు ఉండి వచ్చాం. బయల్దేరే ముందు ఇక్కడ టికెట్లు తీసిన ఏజెంటు ఓ కాగితం చేతిలో పెట్టాడు, పనికొచ్చే స్పానిష్ మాటలని, మొత్తం ఇంగ్లీషు లిపిలో. విమానంలో కూర్చుని అంతా బట్టీ పట్టాను. మా వారు శాకాహారి, పైగా సుగర్ ఉంది. మూడో రోజు మేమిద్దరమే బయటికి వెళ్లి, ఒక చిన్న హోటల్లో బ్రెడ్డూ టొమాటో చూపించి 'నో జామన్' (పందిమాంసం వద్దు) అన్నాను. ఆ కాగితంలో నేను చదువుకున్నది అదే మరి. అతను తల ఊపి వెళ్లి, పందిమాంసం ముక్కలు పెట్టి మరీ తెచ్చాడు. దాన్ని 'హమోన్' అనాలని మా అబ్బాయి సాయంత్రం చెప్పాడు. ఆ పూట మా వారు టాబ్లెట్ వేసుకుని, ఏమీ తినకుండా ఇల్లు చేరారు. ఆ టెన్షన్ నేనింకా మర్చిపోలేదు.

ఆ రాత్రే ఒక నోటుపుస్తకం తీసి, మా అబ్బాయి పలుకుతుంటే విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. రాస్తుంటే ఆశ్చర్యం వేసింది. మనకి ఇది ఇంత దగ్గరగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే! ఇంగ్లీషులో 'టి' కనిపించగానే మనం 'ట' అంటాం, 'డి' కనిపిస్తే 'డ' అంటాం. స్పానిష్‌లో అవి మన త, ద. ఎంత అని అడగాలంటే 'క్వాంతొ క్వేస్త', ఎక్కడ ఉంది అంటే 'దోందె ఎస్తా'. ఇంగ్లీషువాళ్లు ఆ త కోసం కష్టపడాలి, మనకి అది పుట్టుకతోనే ఉంది. 'ఎన్' మీద చిన్న అల వంటి గీత ఉండే అక్షరం ఒకటి ఉంది వాళ్లకి, దాన్ని ఇంగ్లీషులో రాయలేక ఉత్త 'ఎన్' వేసి ఊరుకుంటారు. అది మన ఞ. ఒకటో తరగతిలో దిద్దించి తర్వాత ఎక్కడా వాడం అనుకునే ఆ అక్షరంతోనే వాళ్ల దేశం పేరు ఎస్పాఞ, రేపు అంటే మఞాన, మరుగుదొడ్డి బాఞొ. ఇక బండి ఱ సంగతి. పేరొ అంటే 'కానీ', పేఱొ అంటే కుక్క. రెండోదాన్ని నాలుక అదిరేట్టు గట్టిగా పలకాలి. పుస్తకాల్లో, పేపర్లలో మనం వదిలేసిన బండి ఱ అక్కడ రోజూ పనికొస్తుంది.

దీర్ఘాలు కూడా మనకి కలిసొస్తాయి. స్పానిష్‌లో మాటలో ఏ చోట ఒత్తి పలుకుతారో అది తప్పితే అర్థమే మారిపోవచ్చు. అది చూపించడానికి మన దీర్ఘం చక్కగా సరిపోతుంది: పెరూ, మెక్సికో వైపు పాప అంటే బంగాళాదుంప, పపా అంటే నాన్న. (స్పెయిన్‌లో బంగాళాదుంపని పతాత అంటారు.) ఇంకోటి, మనం 'వెళ్తాను' అంటే ముందు 'నేను' అనక్కర్లేదు కదా, వాళ్లకీ అంతే. ఆబ్లొ అంటే మాట్లాడతాను, ఆబ్ల అంటే మాట్లాడతారు, చివరి అచ్చు చూస్తే ఎవరో తెలిసిపోతుంది. 'ఆబ్ల ఇంగ్లేస్?' అని చివర స్వరం కాస్త పైకి లేపితే 'ఇంగ్లీషు మాట్లాడతారా?' అని అడిగినట్టే. నువ్వు, మీరు అనే తేడా కూడా ఉంది, తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. పెద్దవాళ్లతో ఉస్తేద్ అంటే వాళ్ల ముఖంలో గౌరవం కనిపిస్తుంది, నేను చూశాను. పళ్ల దుకాణంలో నారింజలు 'నరాంహ' అని అమ్ముతుంటే నాకు మన విశాఖ పూర్ణా మార్కెట్‌లో ఉన్నట్టే అనిపించింది. ఆ మాట మన దేశంలోని సంస్కృతం నుంచి పర్షియన్, అరబ్బీల మీదుగా అక్కడికి వెళ్లిందట. చక్కెరదీ అదే దారి, అక్కడ అసూకర్.

మీరు వేసే మాటల్లో నమస్కారాలూ ధన్యవాదాలూ ఎలాగూ ఉంటాయి: ఓల, గ్రాస్యస్, పోర్ ఫబోర్ (దయచేసి). అవి కావాల్సిందే. కానీ ఆకలేసినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు కావాల్సినవి ముందు వేయండి. శాకాహారులకి 'సిన్ కార్నె' అంటే చాలదు. కార్నె అంటే వాళ్ల లెక్కలో చాలాసార్లు వేటమాంసం, పశుమాంసం మాత్రమే, కాబట్టి మాంసం లేని సలాడ్ అడిగితే ట్యూనా చేప వేసి తెస్తారు. హమోన్ వద్దు, చేప (పెస్కాదొ) వద్దు, కోడి (పోయొ) వద్దు అని విడివిడిగా చెప్పాలి. 'సిన్' అంటే లేకుండా, ఆ ఒక్క మాట పట్టుకుంటే సగం పని అయిపోతుంది. సిన్ అసూకర్ అంటే చక్కెర లేకుండా. సుగర్ ఉన్న మగవాళ్లు 'సోయ్ ద్యబేతికొ' అనీ, ఆడవాళ్లు 'ద్యబేతిక' అనీ చెప్పాలి. అక్కడ మధ్యాహ్నం భోజనం రెండింటికి, రాత్రి తొమ్మిది దాటాక. మధ్యలో చాలా హోటళ్లలో వంటిల్లు మూసేస్తారు. సుగర్ ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, సంచిలో ఏదో ఒకటి పెట్టుకుని తిరగాలి. మంచినీళ్లు కొనమంటారేమో అని మొహమాటపడొద్దు. కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2022లో అక్కడ చట్టం చేశారు, 'ఆగ్వ దెల్ గ్రీఫొ' అని అడగొచ్చు.

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే ఎక్కువ పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి. స్నానాల గదిలో కుళాయి మీద 'సి' అని ఉంటే చల్లనీళ్లని మా వారు తిప్పారు, చెయ్యి కాలింది. 'సి' అంటే కల్యేంతె, వేడినీళ్లు. చల్లవి 'ఎఫ్', ఫ్రీయొ. 'కొన్స్తిపాదొ' అంటే స్పెయిన్‌లో మలబద్ధకం కాదు, జలుబు. మందుల షాపులో ఆ మాట వాడితే జలుబు మందే ఇస్తారు. మందుల షాపుకి ఆకుపచ్చ సిలువ గుర్తు. రాత్రిపూట మూసి ఉంటే, ఆ రోజు ఏ షాపు తెరిచి ఉందో తలుపు మీద కాగితం అంటిస్తారు, అలా తెరిచి ఉండే షాపుని 'ఫర్మాస్య దె గ్వార్ద్య' అంటారు. నొప్పి ఉన్నచోట వేలు పెట్టి 'మె ద్వేలె అకీ' అంటే ఇక్కడ నొప్పి అని. ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వైపు వెళ్లాలంటే 'ఉర్హేన్స్యస్' బోర్డు వెతకాలి. ఫోన్ అయితే 112. పర్సు పోతే 'మె ఆన్ ఱొబాదొ', నన్ను దోచుకున్నారు. ఎదుటివాళ్లు గబగబా మాట్లాడితే 'మాస్ దెస్పాస్యొ', కాస్త నెమ్మదిగా.

ఇదంతా స్పెయిన్‌లో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లే మా వంటివాళ్ల కోసమే అనుకోకండి. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. మనది పోర్టు ఊరు. ఇక్కడి నుంచి మర్చంట్ నేవీకి వెళ్లే కుర్రాళ్లు ఎంతమంది! పెరూలో కయావో, చిలీలో వల్పరయీసొ, మెక్సికోలో వెరక్రూస్, స్పెయిన్‌లో వలేన్స్య, ఇలా వాళ్ల ఓడలు ఆగే రేవుల్లో దిగి, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి ఒక సిమ్ కార్డు కొనాలన్నా ఈ భాషే కావాలి. మీ పేపర్ గాజువాకలోనూ మల్కాపురంలోనూ వాళ్ల ఇళ్లలో చదువుతారు.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. స్పెయిన్‌లో చాలాచోట్ల గ్రాస్యస్‌లో మొదటి 'స'ని నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకుతారు, అమెరికా వైపు మామూలు 'స'. తోర్తీయ అంటే స్పెయిన్‌లో గుడ్డూ బంగాళాదుంపా వేసి చేసే అట్టు, మెక్సికోలో మొక్కజొన్న రొట్టె. ఇలాంటివి కలిపేయకుండా, తెలిసినవాళ్లతో ఒకసారి చూపించి వేస్తే మేలు. హైదరాబాద్‌లో ఇఫ్లూ అనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ చెప్పే తెలుగు మాస్టార్లు దొరక్కపోరు. ఢిల్లీలో స్పానిష్ నేర్పే సెర్వాంతెస్ సంస్థ ఉంది, అది స్పెయిన్ ప్రభుత్వానిదే.

నా నోటుపుస్తకంలో ఇప్పటికి రెండువందల పైచిలుకు మాటలున్నాయి. మా వీధిలో ఒక అబ్బాయి వచ్చే నెల మొదటిసారి ఓడ ఎక్కుతున్నాడు, చిలీ వైపు వెళ్తుందట. వాళ్లమ్మ నిన్న వచ్చి పుస్తకం అడిగి తీసుకెళ్లింది, ఆదివారానికల్లా కాపీ చేసి ఇచ్చేస్తానంది. పుస్తకం నా చేతికి తిరిగి రాగానే జిరాక్స్ తీయించి మీ ఆఫీసుకి పంపుతాను. అందులోంచి వారానికి పది మాటలు వేసినా చాలు.

మీ పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం