తంతు లేని సర్టిఫికెట్ పెళ్లి కాదు

సంపాదకులు గారికి,

'రిజిస్ట్రేషన్ ఉంటేనే పెళ్లి చెల్లుతుంది' అని గత వారం మీ పత్రికలో పెద్దక్షరాలతో వేశారు. అది తప్పు. దిద్దుతారేమోనని ఇన్నాళ్లూ చూశాను. దిద్దలేదు.

1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం చొప్పున తంతు జరిగితేనే పెళ్లి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పూర్తవుతుంది. లేనివాళ్లకు వాళ్ల ఆచారమే ప్రమాణం. రిజిస్టర్ చేయించనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని 8వ సెక్షన్‌లోనే ఉంది. తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే అది పెళ్లే కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో తేల్చి చెప్పింది.

ఇది తెలియక నష్టపోయేది వీసా తొందరలో ఉన్న కుటుంబాలు. అసలు ముహూర్తం ఆర్నెల్ల తర్వాత పెట్టుకుని, దండలు మార్చుకున్న ఒక ఫొటో, ముందు తేదీతో అచ్చేయించిన శుభలేఖ పట్టుకెళ్లి హిందూ చట్టం కింద సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. ఈలోపు మాట తేడా వచ్చి కోర్టుకెక్కితే, ఆ తేదీన ఏ తంతు జరిగిందని అడుగుతారు. ఆ పిల్ల ఏం చూపిస్తుంది?

కాగితం ముందే కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇచ్చి, మరో 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు అధికారి, ముగ్గురు సాక్షుల ఎదుట ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని నోటితో పలకాలి. తెలుగులోనే పలకొచ్చు. సంతకాలతో సరిపోతుందనుకుంటారు గానీ, ఆ మాట పలకనిదే అక్కడా పెళ్లి కాదు. ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవులైన జంటలకూ ఈ దారి ఉంది. అలాంటి జంట గుళ్లో తాళి కట్టించుకుని హిందూ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే చెల్లదని మన ఆంధ్ర కేసులోనే 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

తంతు జరిపించుకునేవాళ్లు ఆధారం కూడా దాచుకోవాలి. ఆల్బంలో రిసెప్షన్ ఫొటోలు వందలుంటాయి. జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టి అడ్డుతెర దించే క్షణం, మంగళసూత్రం ముడి వేసే క్షణం మాత్రం వెనక నుంచి తీసి ఉంటాయి, చేతులు తప్ప మొహాలు కనపడవు. ఇద్దరి మొహాలూ పురోహితుడూ ఒకే ఫొటోలో రావాలి. ఆయన పూర్తి పేరు, ఊరు రాసి పెట్టుకోవాలి. రెండో పెళ్లి చేసుకున్న భర్తలు ఆ పెళ్లి తంతు రుజువు కాలేదని కేసులోంచి బయటపడటం 1965 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచీ ఉన్నదే.

ఇవన్నీ చెప్పాల్సిన రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో గోడల నిండా ఫీజుల పట్టికలే. ఈ రెండు చట్టాలకూ తేడా ఏమిటో నాలుగు తెలుగు వాక్యాలు రాసి పెట్టడానికి ఏం అడ్డం? ఇంగ్లీషులో నింపిన ఫారం మీద వేలు పెట్టి 'ఇక్కడ సంతకం' అంటారు, తంతు ఎక్కడ జరిగిందని గట్టిగా అడిగే నాథుడే ఉండడు. అధికారులు చెప్పక, పత్రికలు తప్పు చెబితే జనం ఎవరిని నమ్మాలి?

ఆ తప్పు వార్త ఏ పేజీలో, ఎంత అక్షరాలతో వేశారో, సవరణ కూడా అదే పేజీలో అంతే అక్షరాలతో వేయండి.

– ఒక న్యాయవాది, తెనాలి